పరీక్షలో ఉడికిన ఉలవలు

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ రోజుల్లో ఊళ్లో వంటకట్టెలకు వచ్చిన కటకట అంతా ఇంతా కాదు. డేరాల్లో ఆఫీసులు, అద్దె గదుల్లో గుమాస్తాలు, ఎక్కడ చూసినా పొయ్యిలే. కానీ మిషను వాళ్ల ఆడపిల్లల హాస్టల్లో వంట చేసే జీవమ్మకు ఆ బెంగ లేదు. ఫిబ్రవరి వచ్చిందంటే ఆమె స్నానాల నీళ్లకు పొయ్యి వెలిగించేదే కాదు. బిందెలు మోసుకెళ్లి చదువుకుంటున్న పిల్లల పక్కన పెట్టేది. పరీక్ష దగ్గరపడిన పిల్ల పక్కన నీళ్లు వాటంతటవే కాగేవి. లెక్కల పిల్లల దగ్గర తొందరగా, చరిత్ర పిల్లల దగ్గర కాస్త నిదానంగా.

కోసిగి నుంచి వచ్చిన రాహేలమ్మ దగ్గరైతే నీళ్లు కాదు, ఏకంగా పప్పే పెట్టేది. ఇంటర్మీడియెట్ చదివే ఆ పిల్ల భయం అంత గట్టిది. వాళ్ల వీధిలో కాలేజీ గడప తొక్కింది తనొక్కతే. వానలు లేని ఏడు అమ్మానాన్నలు బళ్లారి వైపు కూలికి పోతూ, మా బిడ్డ కర్నూల్లో చదువుతోందని దారిపొడుగునా చెప్పుకునేవాళ్లు. ఆ సంగతి తలుచుకుంటే చాలు, కందిపప్పు వెన్నలా ఉడికేది. హాస్టలంతా లొట్టలేసుకుంటూ తినేది. పప్పు దించాక రాహేలమ్మకూ హాయిగా ఉండేది, చదివింది బుర్రకెక్కేది.

చిక్కంతా మార్చిలో వచ్చింది. ఇంగ్లీషు పరీక్షకు కూచోగానే కలంలో సిరా ఎండిపోయింది. సూపర్వైజరు ఇంకో కలం ఇచ్చాడు, అదీ ఎండింది. సిరాబుడ్డే తెచ్చిపెడితే అడుగున నల్లటి పొడి మిగిలింది. కాగితం అంచులు అప్పడంలా కమిలాయి. మిగతా పేపర్లు ఎలాగో గట్టెక్కాయి గానీ ఇంగ్లీషు పోయింది.

సెప్టెంబరులో మళ్లీ రాయొచ్చు. అయితే వార్డెను ప్రేమమ్మ ఉన్న విషయం దాచలేదు. ఈసారీ తప్పితే హాస్టల్లో ఆ చోటు ఇంకో పిల్లకు పోతుంది, రాహేలమ్మ చదువు మానుకుని కోసిగి వెళ్లిపోవాలి. చెబుతూ చెబుతూ ఆవిడే కళ్లు తుడుచుకుంది. అంతటితో ఆగకుండా, అసలు ఈ పిల్లను పొయ్యిలా వాడుకోబట్టే ఇలా అయిందని తేల్చి, ఇక దాని పక్కన గిన్నె కనబడితే ఊరుకోనని జీవమ్మను కోప్పడింది.

అప్పట్నుంచి రాహేలమ్మను చల్లబరిచే పనిలో పడ్డారు అందరూ. ఒకరు మజ్జిగ తాగించారు. ఒకరు సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చారు. ఒకరు తలకు తడిగుడ్డ చుడితే అది చూస్తుండగానే ఆరి, ఇస్త్రీ చేసినట్టు తయారైంది. ప్రేమమ్మ ఆ పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టింది గానీ, ఆమేన్ దాకా ఆగలేక చెయ్యి తీసేసింది. అందరూ చెప్పేది ఒకటే మాట, భయపడొద్దని. సరే, భయపడనని ఆ పిల్లా గట్టిగా అనుకునేది. అనుకున్న మరుక్షణం, అలా ఉండగలనో లేదో అని కొత్త భయం పట్టుకునేది. పాపం, ఎవరికి జాలి వేయదు చెప్పండి? నవ్వు ఆపుకోవడమే కష్టం.

పరీక్షకు ముందురోజు పొద్దున మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లింది. జీవమ్మ పెరట్లో బియ్యం కడుగుతోంది. పొయ్యి మాత్రం ఊరికే మండుతోంది. రాహేలమ్మ ఏ ఆలోచనా లేకుండా ఒక సట్టిలో నీళ్లు పోసి దాని మీద పెట్టేసింది. జొన్న కొయ్యలు ఏరుకొచ్చి వండుకునే ఇళ్లలో పుట్టిన పిల్ల మరి. అక్కడ వంట అయిపోయాక కూడా మంట మిగిలితే ఒక సట్టి నీళ్లయినా పెడతారు తప్ప, పొయ్యిని ఉత్తగా మండనివ్వరు.

పెట్టాక మాత్రం అక్కడే నిలబడిపోయింది. లోపలికొచ్చిన జీవమ్మను అడిగింది.

“జీవమ్మత్తా, నా పక్కన సట్టి పెట్టక ఎన్నాళ్లయింది?”

“వార్డెనమ్మ వద్దన్నప్పట్నుంచి పెట్టలేదు పాపా. నిన్ను సతాయించొద్దనే కదా.”

“మా యమ్మ మంటను ఎప్పుడూ వద్దనల్యా అత్తా. ఉత్తగా మండొద్దు అంటాది, అంతే.”

రాహేలమ్మ తడిచేతులతోనే ప్రేమమ్మ గదికి వెళ్లింది. “రేపు నాకు భయం పోదమ్మా. పోకున్నా ఫరవాలేదు. పక్కన ఒక సట్టి పెట్టుకోనీండి, చాలు” అంది.

ప్రేమమ్మ చెప్పులు వేసుకుని పరీక్షల పెద్దాయన దగ్గరికి బయల్దేరింది. ఆయన నిబంధనలన్నీ తిరగేశాడు. పుస్తకాలు తేకూడదని ఉంది, మాట్లాడకూడదని ఉంది, సట్టి తేకూడదని ఎక్కడా లేదు. మూత తీసి చూపిస్తే తనకు అభ్యంతరం లేదన్నాడు.

ఉత్త నీళ్లు కాచడం జీవమ్మ మనసుకు పట్టలేదు. నానిన ఉలవలు, ఉప్పు వేసి పంపింది. వాటి అడుగున చీటీలేమైనా ఉన్నాయేమోనని సూపర్వైజరు గరిటె తెప్పించుకుని మరీ కలిపి చూశాడు.

రాహేలమ్మ సట్టిని కాళ్ల దగ్గర పెట్టుకుని కూచుంది. ప్రశ్నపత్రం చేతికి రాగానే భయం వచ్చింది. రానిచ్చింది. అది తిన్నగా కిందికి దిగి సట్టిలో తన పని చూసుకుంది. కలంలోంచి సిరా చక్కగా జారింది. వ్యాసం ప్రశ్న చూస్తే అది తను చదవని విషయం. సట్టి మూత టకటకా ఎగిరింది. పక్క బెంచీ పిల్ల కాలు కాస్త వెనక్కి తీసుకుంది. రాహేలమ్మ ఆ చప్పుడు వింటూనే తనకు తోచింది తన ఇంగ్లీషులో రాసుకుంటూ పోయింది. గంట కొట్టేసరికి హాలంతా ఉలవల వాసన. పేపర్లు కట్టలు కట్టిన సూపర్వైజరు మొహమాటపడుతూనే ఒక దొప్పెడు అడిగి పుచ్చుకున్నాడు.

ఇంగ్లీషు గట్టెక్కింది. ప్రేమమ్మ సంతోషం పట్టలేక హాస్టలంతా తిరిగి చెప్పింది. కబురు అందుకుని తల్లి విశ్వాసమ్మ కోసిగి నుంచి వచ్చింది. బీయేలో చేరమని ప్రేమమ్మ అంటోంది గానీ, రాహేలమ్మకే ధైర్యం చాలడం లేదు. ఇంటికొచ్చేస్తానని తల్లితో మెల్లగా చెప్పింది.

విశ్వాసమ్మ వక్క నములుతూ అంతా వింది.

“ఇంగా భయమైతాందా పాపా?”

“శానా భయంగా ఉండాది మా.”

“అట్లయితే చేరు” అంది తల్లి.