పెదవుల మీది సందేహం

ముందు మోత వినిపిస్తుంది. కళ్ళు తెరవకముందే, కిటికీ తెల్లబడకముందే, ఒక పెద్ద తుమ్మెద ఊరంతటినీ రెక్కల కింద దాచుకుని ఊగుతున్నట్టుండే మోత. ఆ తరువాతే వెలుతురు. వెలుతురులో పొగమంచు, పొగమంచులో ఏది మంచో ఏది దూదో తెలియని తెలుపు.

చిలకలూరిపేటలో హైవే పక్కనున్న పత్తి మిల్లు వెనుక, కూలీల ఇళ్ళ వరుసలో పుట్టి పెరిగిన ఆ అమ్మాయికి అది మోత అని ఎప్పుడూ అనిపించలేదు. మిల్లు ఆగిన రోజునే ఆమెకు చెవులు హోరెత్తేవి.

మిల్లులో మాట వినబడదు. అందుకని అక్కడి ఆడవాళ్ళు గొంతును గేటు దగ్గరే వదిలి లోపలికి వెళతారు. కొంగు జాగ్రత్త అనాలన్నా, మేస్త్రీ వస్తున్నాడనాలన్నా, కూర ఏం వండావని అడగాలన్నా పెదవులు కదిపితే చాలు. ఎదుటి కళ్ళు వింటాయి. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ అలవాటు వాళ్ళ చీరలకంటిన దూదిలాగా ఇంటికీ వచ్చేస్తుంది. ఆమె తల్లి రాజేశ్వరి, పొయ్యి దగ్గర కూర్చుని కూడా పెదవులతోనే మాట్లాడేది. కూతురిని పిలవాలంటే గాజులు గలగలలాడించి, కూతురు తలెత్తి చూడగానే తన చెవి తమ్మెను ముట్టుకునేది. అదే పిలుపు. పేరు లేక కాదు. కూతురికి పెట్టింది నాయనమ్మ పేరు. అత్తగారి పేరు కోడలి నోట రాకూడదు కదా.

అలా ఆ పేరు ఆ ఇంట్లో ఉండీ లేనట్టే ఉండిపోయింది, మడత విప్పని కొత్త చీరలాగా.

డిగ్రీలో చేరిన మొదటి వారం, ఒక్కొక్కరూ లేచి పేరు చెప్పుకోమన్నారు. ఆమె లేచి చెప్పింది. వెనుక బెంచీలోంచి ఎవడో, "ఒరేయ్, మా అమ్మమ్మ కాలేజీకొచ్చిందిరా," అన్నాడు. తరగతంతా నవ్వింది. చెడ్డ నవ్వేమీ కాదు, కాసేపటికి అందరూ మరిచిపోయారు. ఆమె మాత్రం ఆ రోజు నుంచి గొంతును కాలేజీ గేటు దగ్గర కూడా వదలడం నేర్చుకుంది.

పక్క బెంచీ జ్యోతిర్మయిది పర్చూరు. పొగాకు చేలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు కేకేసి పెరిగిన గొంతు. ఆ పిల్ల నెల తిరక్కుండా ఈ పెదవుల భాష పట్టేసింది. హాజరు పిలిచేటప్పుడు తన నంబరుకు ఒకసారి, పక్కనున్న ఇరవై ఏడుకు ఒకసారి, "ప్రెజెంట్ సార్" అని తనే అరిచేది. రాని వాళ్ళకు ప్రాక్సీ చెప్పడం ఏ కాలేజీలోనైనా ఉన్నదే. ఎదురుగా కూర్చున్న మనిషికి ప్రాక్సీ చెప్పడం మాత్రం అక్కడే జరిగింది.

సందేహాలూ అంతే. ఆమె పెదవులు కదిలించేది, జ్యోతిర్మయి లేచి అడిగేది. జవాబు వినేది, "అర్థమైంది సార్" అని కూర్చునేది. ఆమె పెదవులు ఇంకా కదులుతూనే ఉండేవి. సందేహానికి రెండో సగం అప్పుడే కదా పుట్టేది. కానీ అప్పటికి సారు బోర్డు తుడిచేసేవారు.

అలా చెరిగిపోయిన సగాల్లో ఒకటి ఆమెను పట్టుకుని వదల్లేదు. కొన్ని అంకెలు తీసుకుని, సగటు కట్టి, ఒక్కోటి సగటుకు ఎంత దూరంలో ఉందో చూసి, చివర భాగించేటప్పుడు అసలు సంఖ్యతో కాక ఒకటి తగ్గించి భాగిస్తారు. ఎన్ కాదు, ఎన్ మైనస్ ఒకటి. ఆ ఒకటి ఎక్కడికి పోయింది? జ్యోతిర్మయి అడిగింది. గోపాలకృష్ణ సారు చెప్పారు. ముగ్గురి మార్కుల సగటు పది అనుకోండి, ఒకరికి ఎనిమిది, ఒకరికి పదకొండు వచ్చాయంటే మూడోవాళ్ళను మనం అడగనే అక్కర్లేదు, పదకొండే. ఆ మూడోదానికి స్వేచ్ఛ లేదు, అందుకే లెక్కలోంచి తీసేస్తాం. జ్యోతిర్మయి అర్థమైందని కూర్చుంది.

మూడోవాళ్ళను అడగనే అక్కర్లేదు. ఆ మాట దూదిపింజలాగా ఆమె కళ్ళ ముందు తేలుతూనే ఉండిపోయింది. పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. అర్థం కానిది రాయడం ఆమెకు చేతకాదు. పేజీ తెల్లగా వదిలేసింది. స్టాటిస్టిక్స్ పోయింది.

తల్లి తిట్టలేదు. సప్లిమెంటరీలో కూడా పోతే చదువు చాలించి తనతో మిల్లుకు రమ్మంది. ఆ మాట కూడా పెదవులతోనే.

సప్లిమెంటరీకి ముందు సారు చెప్పే చివరి క్లాసు రానే వచ్చింది. ఆ ముందురోజే జ్యోతిర్మయి బ్యాగు సర్దుకుంది. మిరప కోతలకు కూలీలు దొరక్క ఇంటిల్లిపాదీ చేలో దిగారట.

"రేపు నువ్వే అడగవే," అంది బస్సెక్కుతూ. "నేను లేకపోతే నీ మాట నీ పళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. పళ్ళు పరీక్ష రాయవు."

మరునాడు క్లాసులో కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. ఒక వైపు నుంచి మిల్లు మోత, ఇంకో వైపు నుంచి కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు. సారు హాజరు పిలిచారు. ఇరవై ఏడు అన్నారు. ఆమె పెదవులు కదిలాయి. సారు తలెత్తకుండానే గీత గీసి, ఇరవై ఎనిమిది అన్నారు.

తను ఇక్కడే ఉంది. తన చేతుల కింద బెంచీ చల్లగా తగులుతూనే ఉంది. అయినా లెక్కలో లేదు.

పాఠం నడిచింది. మోతలో సారు గొంతు మునుగుతూ తేలుతూ వచ్చింది. ఆమెకు తరగతి అంతా దూది నిండిన గదిలాగా కనిపించింది. అందరూ అందులో మెత్తగా మునిగి ఉన్నారు, అందరి తలలూ ఊగుతున్నాయి, ఎవరి మాటా ఎవరికీ అందడం లేదు. దూరాన ఎక్కడో అమ్మ మిల్లులో పత్తి రోలర్ల ముందు నిలబడి తన వైపు చూస్తోంది, చెవి తమ్మె ముట్టుకుంటోంది. రమ్మనా? మాట్లాడమనా? ఆ పిలుపులో తేడా ఆమెకు ఇన్నేళ్ళలో ఎప్పుడూ తెలియాల్సిన అవసరం రాలేదు.

సారు ఇంకేమైనా సందేహాలున్నాయా అన్నారు. ఆమె పెదవులు కదిలాయి. పక్క బెంచీ ఖాళీగా ఉంది. సారు డస్టర్ అందుకుని బోర్డు వైపు తిరిగారు. ఎన్ చెరిగిపోయింది. మైనస్ చెరిగిపోయింది.

"సార్."

ఆ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. కొంచెం బొంగురుగా, వాడక తుప్పు పట్టిన గొళ్ళెం కదిలినట్టు. సారు తిరిగి చూశారు. ఎవరు పిలిచారో తెలియక బెంచీలన్నీ వెతికారు. ఆమె లేచి నిలబడింది.

"ఆ మూడోదానికి స్వేచ్ఛ లేదన్నారు కదండీ. మూడోది ఫలానాదేనని ఎవరు చెప్పారు సార్? మొదటిది కాకూడదా?"

సారు డస్టర్ పక్కన పెట్టారు.

"ఇన్నేళ్ళలో ఇది నన్నెవరూ అడగలేదమ్మా. కావచ్చు. మొదటిది కావచ్చు, రెండోది కావచ్చు. ఏదో ఒకటి నోరు మూసుకోక తప్పదు. అంతేగానీ ఇదే మూసుకోవాలని ఎక్కడా రాసి లేదు."

"అంటే ఆ ఒకటి మనిషి కాదు సార్. చోటు."

"అంతే. చోటు."

ఆమె ఇంకొకటి అడిగింది. ఆ జవాబులోంచి పుట్టిన మరొకటీ అడిగింది. మోత అలాగే ఉంది. దాని మీదుగా ఆమె గొంతు, మొదట తడబడుతూ, తరువాత తన నడక తాను తెలుసుకుంటూ వెళ్ళింది. మిరప ఘాటుకు ఎవరో తుమ్మారు. ఎవరూ నవ్వలేదు. వెనుక బెంచీవాళ్ళు ఆమె చెప్పింది రాసుకుంటున్నారు. పరీక్షలో వదిలేసిన ఆ ప్రశ్నకు జవాబు ఇప్పుడు తెల్ల పేజీ మీద తనంతట తానే వరుసలు కడుతున్నట్టు ఆమెకు కనిపించింది.

సారు హాజరు పట్టీ మళ్ళీ తెరిచారు. ఇరవై ఏడు దగ్గర వేలు ఆగింది. ఇందాక గీసిన గీత వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూశారు.

"నంబరు దొరికింది," అన్నారు. "పేరేంటమ్మా?"

ఆమె వెనుక బెంచీ వైపు చూడలేదు. ఊపిరి పీల్చుకుంది. మిల్లు మోత కంటే ఒక మెట్టు పైన, తడబడకుండా చెప్పింది.

"చెంచమ్మ."