సగంలో ఆగిన రాత్రి

పొద్దున పది కావస్తుంటే ఆ సందులో అందరూ పనులు తెముల్చుకునేవారు. అమీర్‌పేట మెయిన్ రోడ్డు మీది కంప్యూటర్ కోచింగ్ బోర్డుల వెనకనుంచి పంజాగుట్ట వైపు వంకర తిరిగి పోయే సందు అది. ఇస్త్రీ బండి చిలకమ్మ లాంతరు వెలిగించి బండి గుంజకు తగిలించేది. కూరగాయలాయన బేరాలు ముగించుకుని ఎండ ఉన్న చోటికి బండి తోసుకుపోయేవాడు. లేడీస్ హాస్టల్ నడిపే సీతామహాలక్ష్మి మెట్ల మీది బల్బు వేసి, "ఇక పడుకోండర్రా," అని కిందినుంచే ఒక కేక పెట్టేది. అప్పుడు ఎదురింట్లో జ్ఞానకుమారి టీచర్ పియానో మూత తీసి నాక్టర్న్ మొదలుపెట్టేది. సందు మీద చీకటి పడేది.

నాక్టర్న్ అంటే రాత్రి పాట. దాదాపు రెండు వందల ఏళ్ల కింద యూరప్‌లో పుట్టిన పాటలవి. ఆవిడ వాయిస్తే రాత్రయ్యేది. పెళ్లయి ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటినుంచీ అంతే. మొదట్లో పాట అయిదు నిమిషాలు, చీకటీ అయిదు నిమిషాలే. ఆఖరి స్వరం అయిపోగానే తెల్లారేది, ఎవరి పనుల్లోకి వాళ్లు వెళ్లేవాళ్లు. భర్త యెషయాగారు పోయాక కూడా ఆవిడ మానలేదు.

తర్వాత కాలం మారింది. అమెరికావాళ్ల పగటి కోసం రాత్రంతా మేలుకుని ఫోన్లెత్తే ఆడపిల్లలతో హాస్టల్ నిండిపోయింది. ఒకరోజు సీతామహాలక్ష్మి గిన్నెడు పులిహోర పట్టుకెళ్లి, "మీ చీకటి కాస్త సాయంత్రం దాకా ఉంచగలరా అండీ? పగలు నిద్ర పట్టక పిల్లలు పీక్కుపోతున్నారు," అని అడిగింది. టీచర్ రెండు రోజులు ఆలోచించింది. పాట సరిగ్గా మధ్యలో ఒక విరామం ఉంది. అక్కడ ఆగిపోతే చీకటి కూడా అలాగే నిలిచిపోతుందని ఆవిడకు తెలుసు. ఆ మర్నాటినుంచి పదింటికి మొదటి సగం, నాలుగింటికి రెండో సగం.

"పాటని మధ్యలో తుంచడం తప్పే," అనేది. "కానీ పిల్లలు పడుకుంటున్నారుగా."

పంతొమ్మిది మంది పడుకునేవారు. ఇరవయ్యో అమ్మాయి మంజూష మాత్రం ఆ చీకట్లో కళ్లు తెరుచుకుని పైకప్పు వైపు చూస్తూ ఉండేది.

మంజూషది కాకినాడ. ఇరవై నాలుగేళ్లు. వాషింగ్ మెషీన్లు అమ్మే ఒక అమెరికా కంపెనీ తరఫున ఫోన్లు మాట్లాడే ఉద్యోగం. రెండు వేల ఆరు జూన్‌లో ఒక సాయంత్రం, షిఫ్టు మొదలైన గంటకు, ఆమె ఒక ముసలావిడతో మాట్లాడుతూ ఉండగా టీమ్ లీడర్ దుర్గేష్ వచ్చి కీబోర్డు మీద ఒక చీటీ పెట్టాడు. "ఇంటికి ఫోన్ చెయ్. మీ తమ్ముడు తేజ సముద్రంల మునిగి చనిపోయిండంట," అని ఉంది. నోటితో చెప్పే ధైర్యం లేక రాశాడు.

మంజూష చదివింది. ముసలావిడ మెషీన్ కిందినుంచి నీళ్లు కారుతున్నాయి. లైనులో మూడు క్షణాలకు మించి నిశ్శబ్దం ఉండకూడదన్నది ఆ ఆఫీసులో మొదట నేర్పే నియమం. మంజూష ఒక్క క్షణం కూడా ఆగలేదు. వెనక గొట్టం ఎలా చూడాలో, బిగింపు ఎటు తిప్పాలో, ఏడు నిమిషాలు వివరంగా చెప్పింది. నీళ్లు ఆగాయి. "ఫోన్ చేసినందుకు ధన్యవాదాలు, ఈ రోజు మీకు బాగా గడవాలి," అని నవ్వు నిండిన గొంతుతో ముగించి, హెడ్‌సెట్ తీసి, ఊరికి బయలుదేరింది.

పదకొండో రోజున తిరిగొచ్చింది. ఊళ్లో ఏడవలేదు, ఇక్కడా ఏడవలేదు. ఏమైందని ఎవరినీ అడగలేదు కూడా. ఆగస్టులో ఒకనాడు ట్రైనింగ్ గది పక్కనుంచి పోతుంటే లోపల తన గొంతు వినిపించింది. కొత్తగా చేరినవాళ్లకు మంచి కాల్ ఎలా ఉండాలో వినిపిస్తున్నారు. గొట్టం, బిగింపు, ఏడు నిమిషాలు. చీటీ చదివింది ఎక్కడో కనిపెట్టాలని ఆమె తలుపు దగ్గరే నిలబడి ఆసాంతం విన్నది. గొంతులో ఎక్కడా చిన్న జీర కూడా లేదు. ఎక్కడ చదివిందో ఆమెకే తెలియలేదు.

దుర్గేష్ పరుగున వచ్చాడు. "నాకు ఎర్క లేదు మంజూషా, అది ఆ రోజు కాలని. స్కోరు చూసి తీస్కున్నరు. ఇప్పుడే తీపిచ్చేస్త."

"ఉండనీ. బాగానే ఉంది," అంది ఆమె.

మర్నాడు చీకటి పడ్డాక సందు దాటి టీచర్ తలుపు తట్టింది. చిన్నప్పుడు కాకినాడలో మిషన్ స్కూల్లో ఆరేళ్లు పియానో నేర్చుకుంది. అంతమందీ నిద్రపోయే పాటకు తనొక్కతే ఎందుకు మేలుకుని ఉంటోందో తెలుసుకోవాలని ఉంది. అది చెప్పలేక, "నాకు ఇది నేర్పుతారా టీచర్?" అని మాత్రం అడిగింది.

జ్ఞానకుమారి మనిషి సన్నగా, మాట కటువుగా ఉండేది. ఎడమ చేత్తో కింది స్వరం అందుకుని, అక్కడినుంచి జానెడు దూరం ఎగిరి మూడు స్వరాలు ఒకేసారి నొక్కి, మళ్లీ కిందికి రావడం నేర్పడానికే రెండు నెలలు పట్టింది. కీస్ చూడకుండా ఎగరాలి. తప్పితే మొదటినుంచి. మంజూషకు వేళ్లు నొప్పెట్టేవి, టైపు చేస్తుంటే మణికట్టు లాగేది. అయినా మానలేదు. ఫిబ్రవరికల్లా పాటంతా వచ్చింది. ఒక్క స్వరం తప్పలేదు. చీకటి మాత్రం రాలేదు. నాలుగు దాటాక ఆమె వాయిస్తుంటే సందులో ఎండ ఎండలాగే ఉండేది.

"నీ కుడి చెయ్యి కస్టమర్ కేర్ లాగా ఉంది," అంది టీచర్ ఒకరోజు. "ఎంత మర్యాదో. ఎప్పుడూ టయానికి ఉంటుంది."

"టయానికే కదా ఉండాలి?"

"ఎడమ చెయ్యి ఉండాలి. అది నడుస్తూ పోతుంది, దానికి ఎవరితోనూ పని లేదు. కుడి చెయ్యి మనిషమ్మా. ఆగుతుంది, వెనకబడుతుంది, మళ్లీ గబగబా వచ్చి కలుస్తుంది. ఎక్కడ ఆగాలని నన్నడక్కు. నువ్వు ఎవరి దగ్గర ఆగుతావో నాకేం తెలుసు?"

మంజూష సరేనని తలూపి, పాట కాగితం మీద ఆగాల్సిన చోట్లు పెన్సిలుతో గుర్తు పెట్టుకుంది. టీచర్ ఆ కాగితం చూసి పియానో మూత వేసేసింది.

మార్చిలో ఒక మంగళవారం మధ్యాహ్నం మూడింటికి, లాంతర్ల వెలుగులో సందు దాటి పాఠానికి వెళ్లేసరికి తలుపు తీసే ఉంది. వంటింట్లో పాలు పొంగి మాడిన వాసన. టీచర్ నేల మీద పడి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. మూతి ఒక పక్కకు లాగేసింది. కుడి చెయ్యి ఎవరిదో తెచ్చి అతికించినట్టు పక్కన పడి ఉంది.

మంజూష స్టవ్ కట్టేసింది. అంబులెన్సుకు ఫోన్ చేసి సందు గుర్తులు వరసగా చెప్పింది. చీకటిగా ఉంటుంది, హెడ్‌లైట్లు వేసుకుని రండి అని కూడా చెప్పింది. చివర, "థాంక్యూ, హేవ్ ఎ గ్రేట్ డే," అంది. ఆ మాట తన నోటినుంచే వచ్చిందని అర్థమై, ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే బిగుసుకుపోయింది. నేల మీదినుంచి టీచర్ ఆమెనే చూస్తోంది.

సోమాజిగూడలో హాస్పిటల్లో చేర్చారు. టీచర్ మేనల్లుడు ప్రేమ్ సాగర్, సనత్‌నగర్‌లో ఒక వర్క్‌షాపులో ఫోర్‌మన్, వచ్చి దగ్గరుండి చూసుకున్నాడు. ప్రాణానికి భయం లేదన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు ఇంక పనిచేయవన్నారు.

రెండో సగం వాయించేవాళ్లు లేక సందులో రాత్రి అలాగే ఉండిపోయింది.

మొదటి రోజు ఎవరూ పట్టించుకోలేదు. నాలుగో రోజుకు చిలకమ్మ దగ్గర బట్టల మూటలు పేరుకుపోయాయి. పెట్టుకున్న వడియాలు సీతామహాలక్ష్మి తీసి పారేసింది. హాస్టల్ పిల్లలు అలారాలు మోగినా లేవక షిఫ్టులు పోగొట్టుకుంటున్నారు. సందు మొగలో ఎండ గీత గీసినట్టు ఆగిపోయేది. పిల్లలు అక్కడిదాకా నడిచి వెళ్లి తల ఆరబెట్టుకుని వచ్చేవారు.

"నీకు వచ్చు కదమ్మా ఆ పాట," అంది సీతామహాలక్ష్మి.

మంజూష వెళ్లి రెండో సగం వాయించింది. ఒక్క స్వరం కూడా తప్పలేదు. మళ్లీ వాయించింది. మూడోసారి కూడా అయ్యాక కిటికీ అవతలినుంచి చిలకమ్మ మెల్లగా అంది: "మంచిగనే కొట్టినవ్ బిడ్డా. తెల్లారలే. నీ తప్పేం లేదు తియ్."

పన్నెండో రోజున ప్రేమ్ సాగర్ టీచర్‌ని ఆటోలో తీసుకొచ్చాడు. రెండు చీరలు, మందులు సర్దుకుని ఆమెను సనత్‌నగర్ తన ఇంటికి తీసుకుపోవాలని, పియానో చర్చికి ఇచ్చేయాలని అనుకున్నాడు. మంజూష లాంతరు పట్టుకుంటే ఇద్దరూ కలిసి లోపలికి తీసుకొచ్చారు.

టీచర్ మంచం వైపు పోలేదు. ఎడమ చేత్తో పియానో వైపు చూపించింది.

"అత్తా, ఆటో ఆగి ఉంది," అన్నాడు ప్రేమ్ సాగర్.

"స... గం," అంది ఆవిడ. మాట ముద్దగా వచ్చింది. "సగం ఉంది."

కూర్చోబెట్టారు. పక్కకు ఒరిగిపోకుండా వెనకనుంచి అతను పట్టుకున్నాడు. ఆవిడ ఎడమ చెయ్యి కింది స్వరం వెతుక్కుని నొక్కింది, పైకి ఎగిరింది, మళ్లీ కిందికి వచ్చింది. మంజూష నిలబడి చూస్తోంది. ఆవిడ తల తిప్పకుండా తన కుడి పక్కన ఖాళీగా ఉన్న బెంచీ మీద చూపు నిలిపింది. మంజూష వెళ్లి కూర్చుంది, కాలు పెడల్ మీద పెట్టింది, కుడి చెయ్యి ఎత్తింది.

ఎడమ చెయ్యి మునుపటిలా లేదు. మెల్లగా ఉంది, తడబడుతోంది. మంజూష స్వరం తయారయ్యేసరికి అది ఇంకా రాలేదు. పెన్సిలు గుర్తులు ఎందుకూ పనికిరాలేదు. ఒక్కో అడుగు దగ్గర ఎదురుచూడాల్సి వచ్చింది. చివరికి వస్తుండగా, పైకెక్కిన పాట దిగి రావలసిన చోట, మంజూష పై స్వరం నొక్కింది. టీచర్ చెయ్యి కీస్ మీదినుంచి జారి ఒళ్లో పడిపోయింది.

మంజూష వేలు తీయలేదు. స్వరం మోగుతోంది. వేలు ఎంత గట్టిగా నొక్కి పట్టినా అది తగ్గిపోతోంది. పియానోలో కొట్టిన క్షణంనుంచే స్వరం పోవడం మొదలుపెడుతుంది, దాన్ని నిలబెట్టే ఉపాయం ఏదీ లేదు. ఇన్ని నెలలు వాయించి ఆమె ఆ సంగతి గమనించలేదు. ఎప్పుడూ దాని మీద ఇంకో స్వరం వేసేసేది. ఇప్పుడు వేయడానికి లేదు. ఒక క్షణం, రెండు, మూడు. స్వరం దారమంత అయింది. నాలుగు, అయిదు. ఇంకా ఉందా, తనే ఊహించుకుంటోందా అన్నట్టయింది. తర్వాత లేదు.

ఆ లేకపోవడంలోనుంచి ఆమె గొంతులో ఏదో శబ్దం వచ్చింది. ఏడుపు అనడానికి లేదు, దెబ్బ తగిలినవాళ్లు చేసే శబ్దం. "వాడు లేడు," అంది. ఎవరో అప్పుడే వచ్చి చెప్పినట్టు, నమ్మలేనట్టు, ప్రేమ్ సాగర్ వైపు తిరిగి మళ్లీ అంది. "మా తేజ లేడండీ."

టీచర్ తన ఎడమ చేతిని తొడ మీదుగా ఈడ్చి, మెల్లగా ఎత్తి, కింది స్వరం మీద పెట్టి నొక్కింది. మంజూష ఆలస్యంగా అందుకుంది. రెండు స్వరాలు తప్పు కొట్టింది. మిగతా పాటంతా వెనకబడుతూ, ఆగుతూ, పరుగెత్తి కలుస్తూ వాయించింది.

ఆఖరి స్వరం అయ్యాక కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ వచ్చి గోడ మీద పడింది. బయట చిలకమ్మ లాంతరు ఊది ఆర్పడం వినిపించింది. మేడ మీద ఎవరో బకెట్టు దించి బట్టలు దులపడం మొదలుపెట్టారు.

మంజూష కళ్లలోంచి నీళ్లు ధారగా కారి కీస్ మీద పడుతున్నాయి. టీచర్ చూసింది. వంకరపోయిన మూతితోనే కష్టపడి మాటలు కూడదీసుకుంది.

"గుడ్డ... అక్కడుంది. ముందు... కీస్ తుడు. తర్వాత మొహం."

మంజూష తుడిచింది, చెప్పిన వరసలోనే. ప్రేమ్ సాగర్ బయటికి పోయి ఆటో పంపించేశాడు. తిరిగొచ్చి, టీచర్ కూర్చున్న వైపు పక్కకు పడకుండా ఆనుకోవడానికి బెంచీకి ఒక చేతిచెక్క బిగించాలని కొలతలు తీసుకోవడం మొదలుపెట్టాడు.

మంజూష వరండాలోకి వెళ్లి కాకినాడకు ఫోన్ చేసింది. వాళ్లమ్మ జానకీదేవి ఎత్తింది.

"ఏంటమ్మా ఈ టయంలో? పడుకోలేదా?"

"లేదమ్మా." కాసేపు లైనులో ఎవరూ మాట్లాడలేదు. మంజూష ఆ నిశ్శబ్దాన్ని అలాగే ఉండనిచ్చింది. "అమ్మా, ఆ రోజు తేజ ఎలా వెళ్లాడో నేను నిన్ను అడగనే లేదు. పొద్దుట్నించి చెప్పు."

అవతల కుర్చీ లాక్కున్న చప్పుడు వినిపించింది. అంతకాలం ఆవిడను ఎవరూ అడగలేదు.

"పొద్దున ఉప్మా చేశానమ్మా," అంది. "జీడిపప్పు వెయ్యలేదని అలిగాడు."