ఇగరాషి వారి కత్తి

ఇగరాషి వారి కత్తి పన్నెండేళ్ళుగా రెండు ముక్కలుగా, రెండు ఊళ్ళలో ఉంటోంది. ముసలాయన పోతూ పోతూ ఉక్కు అలుగును కొడుకు తకెహికోకు ఇచ్చాడు. దాని అలంకారమంతా కూతురు మిత్సుయోకు ఇచ్చాడు. నల్ల లక్క ఒర, పట్టుతాడు చుట్టిన పిడి, మంచు బరువుకు వంగిన వెదుళ్ళు చెక్కిన ఇనుప అడ్డబిళ్ళ ఆమె వాటా. కత్తి కోసమైనా అన్నాచెల్లెళ్ళు ఒకరి గుమ్మం ఒకరు తొక్కుతారని ఆయన ఆశ. జరిగింది వేరు. "ఆ ఒర ఇటివ్వు, ఇక్కడ కలిపి పెడతాను" అని అన్న, "ఆ అలుగే ఇటివ్వు, నేను కలిపి పెడతాను" అని చెల్లెలు, మొదటి సంవత్సరమే మాటలు మానేశారు.

పదమూడో ఏటి కర్మకు వదిన సుమియె ఫోన్ చేసింది. "మీ నాన్నగారి ముందు ఈసారైనా కత్తి నిండుగా పెడదాం, రా అమ్మాయ్. మీ అన్నయ్య తనంతట తాను పిలవడు. నీకు తెలుసుగా."

మిత్సుయోకు సకతాలో క్షౌరశాల ఉంది. ఆ రోజు దుకాణం మూసి, పట్టుగుడ్డలో చుట్టిన ఒరనూ పిడినీ ఒళ్ళో పెట్టుకుని, మంచులో పాకుతున్న రైల్లో అన్న ఊరు సురుఒక చేరింది. ఇల్లంతా అగరుబత్తి వాసన. పూజారి రావడానికి ఇంకా టైముంది. తకెహికో చాప మీద తెల్లగుడ్డ పరిచి, అప్పటికే అలుగును సాదా చెక్క ఒరలోంచి తీసి పెట్టుకుని కూర్చున్నాడు. పలకరింపు కూడా లేదు.

"తెచ్చావా?"

"లేకపోతే ఇది గొడుగనుకున్నావా?"

ఆమె మూట విప్పింది. పిడి మీద కొత్త పట్టుతాడు నీలంగా మెరిసింది. తాడు సందుల్లోంచి, పిడికి అలంకారంగా పెట్టిన రెండు బుల్లి బంగారు వంకాయలు తొంగిచూస్తున్నాయి. తకెహికో పిడిలోకి దిగే అలుగు తోకకు అడ్డబిళ్ళ తొడిగి, పిడిని ఎక్కించాడు. చాలా దాకా సాఫీగా పోయింది. ఆ తరువాత ఆగిపోయింది. తోక రెండు వేళ్ళ మందం బయటే మిగిలింది.

"తిరగేసి పెట్టావేమో."

"తిరగేస్తే ఇంతమాత్రమైనా ఎక్కుతుందటే?"

అరచేత్తో తట్టాడు. కదల్లేదు. సరే, ముందు ఒర సంగతి చూద్దామని పిడి లాగేసి, అలుగును ఒరలో దించాడు. అలుగు మొదట్లో ఉన్న రాగి కట్టు ఒర మూతి దగ్గర బిర్రుగా పట్టుకుంది. ఆయన ఇంకాస్త నొక్కాడు. లక్క చిటుక్కుమంది.

"ఆపు! ఆపన్నయ్యా!" మిత్సుయో అరిచింది. ఒర మూతి దగ్గర వెంట్రుకంత చీలిక కనిపించింది. "మూడొందల ఏళ్ళు పగలంది నీ చేతిలో పగిలింది."

"నేనేం చేశాను? నీ ఒరే బిగుసుకుపోయింది."

"ఒరకేమైంది? ఈ కట్టు ఎక్కడిది? నాన్న కట్టు పచ్చగా, అరిగిపోయి ఉండేది."

తకెహికో తడబడ్డాడు. "అది వదులైంది. లొడలొడమంటుంటే కొత్తది చేయించాను. మంచి పనివాడు. వంక పెట్టడానికి లేదు."

"ఒర లేకుండానా? ఒర చూడకుండా కట్టు చేయించావా?"

"నీ పిడి మాటేమిటి మరి? ఈ తాడు నాన్న నాటిది కాదుగా."

ఇప్పుడు ఆమె వంతు. పాత పిడిలో చెక్క పురుగు పట్టి పొడైపోయింది. తాడు, దాని కింది చేపతోలు, లోపలి చెక్క అన్నీ కొత్తగా వేయించింది. అలుగు స్థానంలో ఒరలో ఉంచే ఉత్తుత్తి కర్ర అలుగు ఉంటుంది. దాన్ని కొలతగా ఇచ్చింది. అసలు అలుగు తెమ్మన్నాడు పనివాడు. తేలేనంది.

"ఒక్క ఫోన్ చేస్తే అరిగిపోయేదానివా?"

"చేస్తే ఇచ్చేవాడివా?"

"ఇచ్చేవాణ్ణి కాదు" అన్నాడు తకెహికో. "నేనడిగితే ఒర పంపేదానివా?"

"పంపేదాన్ని కాదు."

వంటింట్లోంచి సుమియె నువ్వుల టోఫూ పళ్ళెంతో వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, పళ్ళెం అక్కడే పెట్టి వెనక్కి వెళ్ళిపోయింది.

"ఆ తోకనే కొంచెం ఆకురాయితో రుద్దితే?" అంది మిత్సుయో.

"మతి పోయిందా? ఆ తుప్పే దాని వయసు! తోక మీద ఆకురాయి పెడితే అది కూరగాయల కత్తవుతుంది."

ఆ మాట నిజమని ఆమెకూ తెలుసు. కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు. కర్మ నాటికి ముస్తాబు చేసి తెచ్చిన పిడిని చూసుకుంది. దానికి తాడు చుట్టిన తీరు చూసి దుకాణానికి వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. చేతిసంచీలోంచి తన కత్తెర తీసి, పిడి చివర ముడిని కత్తిరించేసింది.

"ఏయ్, ఏం చేస్తున్నావే!"

"లోపలి చెక్క మళ్ళీ చెక్కాలంటే ఇది ఊడాల్సిందేగా. ఎవడో కోసేది నేనే కోస్తాను."

తాడు చుట్టలు చుట్టలుగా ఊడింది. బంగారు వంకాయలు చాప మీద పడి దొర్లాయి. తకెహికో మోకాళ్ళ మీద పాకి వాటిని ఏరాడు. కాసేపు అరచేతిలో పెట్టుకున్నాడు. తరువాత చెక్క సుత్తి తెచ్చి, తను అంత ముచ్చటపడి చేయించిన కట్టును ఊడదీయబోయాడు. కొట్టాడు, గుడ్డతో పట్టి లాగాడు, మళ్ళీ కొట్టాడు. చెమటలు పట్టాయి గాని అది ఇంచుకైనా కదల్లేదు.

"వంక పెట్టడానికి లేదన్నావుగా" అంది మిత్సుయో.

"నోర్ముయ్."

చుట్టాలూ పూజారీ రానే వచ్చారు. సుమియె చేసేది లేక అన్నీ పళ్ళెంలో సర్ది, తండ్రి ఫోటో ముందు పెట్టింది. అలుగు సాదా ఒరలో ఉంది. పక్కన చీలిన నల్ల ఒర, తోలు ఒలిచినట్టున్న పిడి, చిక్కుపడ్డ నీలం తాడు ఉన్నాయి. ముసలాయన తమ్ముడు సెయ్‌జి వంగి చూసి, "ఇదేంట్రా తకెహికో, కత్తి తెమ్మంటే విడిభాగాలు తెచ్చారు?" అన్నాడు. పూజారి మంత్రం ఎత్తుకున్నాడు.

భోజనాలయ్యాక, ఎవరూ ఎవర్నీ అడక్కుండానే ఇద్దరూ ఆ ముక్కలన్నీ మూటగట్టుకుని కారెక్కారు. ఒరలు చేసే కురోకి ఇల్లు ఊరి చివర, నదికి అవతల ఉంది. ఆయన ఒక్కొక్కటీ చూసి, కట్టూ పిడీ రెండూ బాగున్నాయనీ, రెండూ పనికిరావనీ చెప్పాడు. "అన్నీ ఇక్కడే వదిలి వెళ్ళండి. ఒక ముక్క అక్కడ, ఒక ముక్క ఇక్కడ అంటే నా వల్ల కాదు. వేసవికి చూద్దాం."

వేసవికి. ఇద్దరూ అన్నీ ఆయన దగ్గరే వదిలేశారు. వట్టి చేతులతో బయటికొచ్చారు.

"రాత్రికి ఉండిపో" అన్నాడు తకెహికో, కారు అద్దం మీది మంచు గీకుతూ.

"పొద్దున్నే జుట్టు కత్తిరించుకోడానికి మనుషులొస్తారు. స్టేషన్‌కి పోనీ."

"వేసవిలో నేనే సకతా వచ్చి నిన్ను తీసుకొస్తాను."

"నాకు రైలుంది."

"రైలుందని నాకూ తెలుసు" అన్నాడాయన విసుగ్గా. "వస్తానంటున్నాను."

మిత్సుయో కారెక్కి కూర్చుంది. కారు తలుపు సరిగా పడలేదు. మళ్ళీ తెరిచి గట్టిగా వేసింది.