పెంకుల కార్ఖానా జాడ

ఆర్ట్స్ కాలేజీ మేడమీద మ్యాపుల గదిలో ఒక్క కిటికీ దగ్గరే సరైన వెలుతురుంటుంది. ఆ కిటికీ పక్క బల్లను అందరూ రాహేలుకు వదిలేశారు. 1968 వానాకాలమంతా ఆమె అక్కడే గడిపింది. జియాగ్రఫీ పాఠం చెప్పడం అయిపోగానే మెట్లెక్కి వచ్చి, వెనక గుడ్డ అంటించిన పాత పటాలను విప్పి, అంచులు చుట్టుకుపోకుండా మూలల మీద నున్నటి రాళ్లు పెట్టి, భూతద్దంతో వెతుక్కునేది.

ఆమె వెతికేది కార్ఖానాల కోసం. విక్టోరియా రాణి కాలంలో, ఈ ప్రాంతానికి రైలు కొత్తగా వచ్చిన రోజుల్లో, సికింద్రాబాదుకు తూర్పునా దక్షిణానా చాలా కార్ఖానాలు లేచాయి. ఐసు తయారుచేసేది ఒకటి, పచ్చి తోళ్లు ఊని పదును చేసేది ఒకటి, ఎముకలు పొడిచేసేది ఇంకొకటి, సున్నపు బట్టీలు సరేసరి. ఒక తరం తిరిగేసరికి అన్నీ మాయమయ్యాయి. అవి ఎక్కడుండేవో పాత పటాలను బట్టి తేల్చి, ఎందుకు పోయాయో రాయడమే రాహేలు పీహెచ్‌డీ. ఆదివారం చర్చి అయ్యాక భర్త రత్నకుమార్‌ని వెంటబెట్టుకుని, పటంలో చూసిన చోటల్లా తిరిగేది. రత్నకుమార్ రైల్వేలో గుమాస్తా, ఓపికమంతుడు. అంబర్‌పేట్‌లో గేదెల పాక వెనక మొండిగోడ కనిపిస్తే, "ఇదిగో రాహేలూ, నీ ఐసు కార్ఖానా!" అని తనే కట్టించినంత సంబరపడేవాడు.

పెంకుల కార్ఖానా ఒక్కటే చిక్కలేదు. 1880ల నాటి పటంలో అది స్పష్టంగా ఉంది. తార్నాకకూ లాలాపేట్‌కూ నడుమ, ఇప్పుడు యూనివర్సిటీ ఉన్న బండల నేలలో, 'డాబ్సన్ పెంకుల కార్ఖానా' అని సన్నటి ఇంగ్లీషు అక్షరాలు, పొగగొట్టం గుర్తు, బట్టీలు, వాటికి పడమటి పక్కన చుక్కలు చుక్కలుగా కూలీల గుడిసెలు. తర్వాతి తరం పటంలో అదే చోట వట్టి బండలూ ముళ్లపొదలూ ఉన్నాయి. ఒక కార్ఖానా అంత శుభ్రంగా ఎలా చెరిగిపోతుందో రాహేలుకు అంతుపట్టలేదు. కనిపించిన ముసలివాళ్లనల్లా అడగసాగింది.

తార్నాక చౌరస్తాలో లచ్చవ్వ సీతాఫలాల గంప పెట్టుకుని కూర్చునేది. లాలాపేట్‌లో మనవడి దగ్గర ఉంటుంది. ఎనభైకి అటూ ఇటూ వయసు. ఒక సాయంత్రం పళ్లు ఏరుకుంటూ రాహేలు అలవాటు కొద్దీ అడిగింది.

"అవ్వా, ఈ చుట్టుపక్కల పూర్వం పెంకుల కార్ఖానా ఉండేదట. ఎప్పుడైనా విన్నావా?"

లచ్చవ్వ చేతిలో ఉన్న పండు గంపలో పడేసింది. "ఎందుకడుగుతున్నవ్ బిడ్డా? మా అమ్మ గాడనే ఉన్నది."

ఇంత ముసలామెకు ఇంకా తల్లి ఉందా అని రాహేలు తెల్లబోయింది. ఆ మాటకు అర్థం తెలియడానికి కాస్త సేపు పట్టింది.

"మా అమ్మ పేరు రాజవ్వ. గా కార్ఖానల మట్టి తొక్కేది. నేను చిన్న పోరిని, పచ్చి పెంకులు ఎండకు పరిచేదాన్ని. ఒక ఏడు గత్తరొచ్చింది, ఒకటే వాంతులు, బేదులు. పొద్దుగాల మంచిగనే ఉండె, పొద్దుగూకెవరకు పాణం పోయింది. గుడిసెల ఎనక పెద్ద రాతిగుండు ఉండె, దాని పక్కకు బొందవెట్టిన్రు. ఎనక మట్టి అయిపోయిందని దొర కార్ఖాన మూసి దేశం పోయిండు. మేం మౌలాలి రాళ్లు కొట్టనీకి పోయినం. గని పెత్రమాస, పెద్దలకు బువ్వ వెట్టే అమాస, వచ్చిందంటే ఏడున్నా వచ్చి, గా గుండు కాడ ఇంత బువ్వ వెట్టి పోతుంటి."

"ఇప్పుడూ వెళ్తావా అవ్వా?"

"ఏడికి పోను? యూనివర్సిటీ కట్టేటప్పుడు గుండ్లన్ని పేల్చిన్రు. రోడ్లేసిన్రు, చెట్లు పెట్టిన్రు. ఎటు చూసినా ఒక్క తీర్గనే కొడుతది. నాకు జాగ సమజైతలేదు. గీ యూనివర్సిటీ కంచె కాడ్నే నిలవడి, గీడ్నే బువ్వ వెట్టి, అమ్మా, నువ్వే నన్ను దేవులాడుకోని రా అంటున్న."

రాహేలు పళ్లు తీసుకోవడం మరిచిపోయి ఇంటికి వచ్చేసింది.

రాహేలు తల్లి శాంతమ్మ నరసాపురం దగ్గర ఒక లంక గ్రామంలో బడిపంతులమ్మగా పనిచేసేది. ఆమె జ్వరంతో పోయినప్పుడు రాహేలు మిషన్ హాస్టల్లో చదువుతోంది. కబురు అందేసరికి సమాధి కూడా అయిపోయింది. సెలవులకు వెళ్లినప్పుడల్లా పూలు పెట్టి, అమ్మకు మార్కులు చెప్పి వచ్చేది. ఆ తర్వాత ఒక వరదలో గోదావరి గట్టు కోసేసింది. చర్చీ, సమాధుల తోటా, సగం ఊరూ ఏట్లో కలిసిపోయాయి. తండ్రి పడవలో తీసుకెళ్లి వేలు చాపి, "అక్కడమ్మా" అన్నాడు. ఆ వేలు చూపించిన చోట నీళ్లు అన్నిచోట్లా పారినట్టే పారుతున్నాయి. ఆ తర్వాత రాహేలు మళ్లీ ఆ ఊరు వెళ్లలేదు. తల్లి గురించి ఎవరితోనూ, చివరికి రత్నకుమార్‌తో కూడా, నాలుగు మాటలు కూడదీసుకుని చెప్పలేదు.

మర్నాడు ఆమె పాత పటం మీద పల్చటి కాగితం పరిచి, పెన్సిలుతో కార్ఖానాను ఎత్తి రాసుకుంది. యూనివర్సిటీ కొత్త ప్లానును అదే కొలతకు గీసి, రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టింది. రైలు పట్టాలు రెండింటిలోనూ ఒకే చోట ఉన్నాయి. ఎండిపోయిన ఒక కుంట గట్టు కూడా సరిపోయింది. ఆ రెంటినీ ఆనవాళ్లుగా తీసుకుని చూస్తే, పొగగొట్టం హాస్టళ్ల వెనక నుంచి ప్రొఫెసర్ల క్వార్టర్లకు పోయే రోడ్డు మీద పడింది.

దసరా సెలవుల్లో లచ్చవ్వను తీసుకుని అక్కడికి వెళ్లింది. రోడ్డుకు రెండు పక్కలా తుమ్మచెట్లు, అక్కడక్కడా నేలలోంచి పొడుచుకొచ్చిన బండల మొదళ్లు. లచ్చవ్వ చాలాసేపు నిలబడి చూసింది.

"అవ్వా, గుడిసెలు ఇటు పడమటి వైపు ఉండేవని పటంలో ఉంది."

"కాదు. తూర్పుకుండె. పొద్దుగూకంగ చిమ్నీ నీడ మా గుడిసె మీదికొచ్చేది. నీడొస్తె మా అమ్మ పొయ్యి ముట్టించేది."

"పొద్దున్నేమో అవ్వా? గుడిసెలు పడమట ఉంటే, పొద్దున నీడ పడుతుంది."

"ఏమో బిడ్డా. పొయ్యి ముట్టించుడు మాత్రం యాదికున్నది."

అప్పటికి అంతే. డిసెంబరులో మంచినీళ్ల పైపుల కోసం ఆ రోడ్డు పక్కనే కందకం తవ్వడం మొదలుపెట్టారు. రాహేలు క్లాసులయ్యాక రోజూ వెళ్లి చూసేది. ఒక మధ్యాహ్నం తవ్విన మట్టి ఎర్రగా, ఇటుక పొడి కలిసినట్టుగా కనిపించింది. ఆమె చెప్పులు విప్పేసి, చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, కూలీలు వారిస్తున్నా వినకుండా కందకంలోకి దిగింది. లోపల గోడ పొడుగునా పెంకుముక్కలే. ఒకదాని మీద డాబ్సన్ పేరులో సగం అచ్చు కూడా ఉంది. మ్యాపుల గదిలో గడిపిన వానాకాలమంతా ఒక్కసారిగా చేతికి తగిలినట్టయింది. రాహేలు ఆ ముక్కను గుండెకు అదుముకుని, ఒంటికి మట్టి అంటుకుందని కూడా చూసుకోకుండా చౌరస్తాకు పరిగెత్తింది.

లచ్చవ్వ వచ్చింది. పెంకుముక్కను అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో గీరి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"గదే మట్టి," అంది. తర్వాత రోడ్డుకు అటూ ఇటూ చూసింది. "ఇగ చెప్పు. మా అమ్మ ఏ దిక్కున్నది?"

ఇటే అని ఒక వేలు చాపితే సరిపోయేది. రాహేలుకు చెయ్యి లేవలేదు. పడవలో తండ్రి చాపిన వేలు గుర్తొచ్చింది.

"కార్ఖానా ఇక్కడే అవ్వా, అది ఖాయం. గుడిసెలు ఇటని పటం అంటోంది, నువ్వు అటంటున్నావు. అంతకు మించి నాకు తెలీదు."

"నీ నక్షల మా అమ్మ పేరు లేదా?"

"పటంలో మనుషుల పేర్లు రాయరు అవ్వా."

"దొర పేరున్నదన్నవు గద?"

రాహేలు కందకం గట్టున కూర్చుంది. సంచిలోంచి ఆ పల్చటి కాగితం తీసి, మోకాలి మీద పెట్టుకుని, రోడ్డుకు రెండు పక్కలూ కలిసేటట్టు పెన్సిలుతో ఒక గుండ్రం గీసింది. దాని పక్కన 'రాజవ్వ' అని తెలుగులో రాసింది. చదవడం రాని లచ్చవ్వ ఆ అక్షరాలను వేలితో తడిమి చూసి, "గిట్లుంటదా మా అమ్మ పేరు?" అంది.

కొత్త సంవత్సరం రాగానే ప్రత్యేక తెలంగాణ ఉద్యమం లేచింది. కాలేజీలు మూతపడ్డాయి. ఊరంతా ఊరేగింపులు, లాఠీలు, కర్ఫ్యూలు. చదువుకునే పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారన్న వార్త రాహేలు తరచూ వినేది. వాళ్లలో తన ముందు బెంచీల్లో కూర్చున్నవాళ్లు ఎవరైనా ఉన్నారేమోనని పేపరు తెరవడానికి భయపడేది. పక్కింటి శ్రీనివాసరావుగారి కుటుంబం సామాను సర్దుకుని గుంటూరు వెళ్లిపోయింది. వీధిలో నోరు తెరిస్తే కోస్తా యాస పట్టేస్తారని రాహేలు కూరగాయలు కూడా సైగలతో కొనేది.

"బెజవాడకు బదిలీ అడిగాను," అన్నాడు రత్నకుమార్ ఒకనాడు, అన్నం కలుపుతూ. "నీకు చెప్పకుండా పెట్టాను. కోపమొస్తే తిట్టు."

"నా పటాలు ఇక్కడున్నాయండీ."

"పటాలు ఎక్కడికి పోతాయి రాహేలూ? మనం బాగుంటే మళ్లీ వచ్చి చూసుకోవచ్చు."

ఆమె తిట్టలేదు. అతను చెప్పింది తప్పు కాదు. అయినా అంబర్‌పేట్‌ మొండిగోడ దగ్గర్నుంచి హాస్టళ్ల వెనక కందకం దాకా, ఈ నేలలో తను వేలు పెట్టి చూపించగలిగినన్ని చోట్లు పుట్టినూళ్లో కూడా లేవు. వెళ్లాలనుకుంటే కాళ్లు కదలడం లేదు. ఉండాలనుకుంటే మనసు బెదురుతోంది.

చౌరస్తాలో లచ్చవ్వ కనబడక చాలా వారాలైంది. వేసవిలో కాస్త సద్దుమణిగిన రోజున రాహేలు ధైర్యం చేసి లాలాపేట్ వెళ్లింది. సందు మొదట్లో అరుగు మీద కూర్చున్న కుర్రాళ్లు ఎవరు కావాలని అడిగారు. లచ్చవ్వ పేరు చెప్పింది. ఆ నాలుగు మాటల్లోనే ఏ ఊరిదో తెలిసిపోయి ఉంటుంది. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఇల్లు చూపించారు.

లచ్చవ్వ కుక్కి మంచంలో ఉంది. మోకాళ్లు వాచిపోయాయి.

"నువ్వు గూడ పోతవా బిడ్డా?"

"ఆయన బదిలీకి పెట్టారు అవ్వా. వస్తే వెళ్లాలి."

"పోతే పో. ఎవరి మనుషులు ఎవరికుంటరు." ఆమె రాహేలు చెయ్యి పట్టుకుంది. "గని పెత్రమాస దాంక ఉండు. నేను ఒక్కదాన్ని గాడికి నడువలేను."

రాహేలు ఉంటానంది.

బదిలీ ఉత్తర్వు సెప్టెంబరులో వచ్చింది. క్రిస్మస్ వెళ్లాక చేరాలి. ఆ ఏడు పెత్రమాస నాటికి గొడవలు చల్లారి, యూనివర్సిటీ తెరిచారు. ఆడపిల్లలు తొలిరోజు బతుకమ్మ కోసం క్యాంపస్ గుట్టల మీద తంగేడుపూలు కోస్తున్నారు. రత్నకుమార్ లాలాపేట్ వెళ్లి లచ్చవ్వను రిక్షాలో తీసుకొచ్చాడు. కందకం ఎప్పుడో పూడ్చేశారు. దాని మీద గడ్డి కూడా మొలిచింది.

లచ్చవ్వ రోడ్డు మధ్యలో దిగి, కర్ర ఊతంగా నిలబడింది. ఈసారి ఏ దిక్కని అడగలేదు. మోదుగాకులు పరిచి, పడమట ఒక ముద్ద పెట్టింది. రత్నకుమార్ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటి, తూర్పున ఇంకొక ముద్ద పెట్టింది.

"అమ్మా, రెండు దిక్కుల వెట్టిన. ఏ దిక్కున్నా తిను," అంది. అక్కడే కూలబడి, ఎవరినీ పట్టించుకోకుండా ఏడ్చింది. ఏడ్చాక ముక్కు చీది, గిన్నెలో మిగిలిన అన్నాన్ని ఇంకో ఆకులో పెట్టి రాహేలు వైపు చాపింది.

"మీ అమ్మ గూడ లేదంటివి గద. వెట్టు."

తల్లి లేదని ఎప్పుడో ఒక మాట అన్నదే తప్ప, ఏరు సంగతి రాహేలు ఆమెకు చెప్పలేదు. ఆమె రత్నకుమార్ వంక చూసింది. వాళ్ల ఇళ్లల్లో చనిపోయినవాళ్లకు అన్నం పెట్టే ఆచారం లేదు. అతను ప్రార్థనలోలా తల వంచాడు.

"మాలో పెట్టరు అవ్వా."

"వెట్టకుంటె పాయె. పేరన్న తలుసుకో."

రాహేలు ఆకు రెండు చేతులా పట్టుకుని నిలబడింది. "శాంతమ్మ," అంది. ఎన్నో ఏళ్లుగా పైకి అనని పేరు. మళ్లీ అంది. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అలాగే వదిలేసింది. ఆ ఆకును ఎక్కడ పెట్టాలో తెలియక, చివరికి రోడ్డు గట్టు మీద పెట్టింది. అప్పటిదాకా దూరంగా కాచుకున్న కాకులు వచ్చి వాలాయి.

తిరిగొచ్చేటప్పుడు ఆడవాళ్లిద్దరూ రిక్షాలో, రత్నకుమార్ పక్కనే నడుస్తూ వచ్చారు. బండి క్వార్టర్లు దాటాక లచ్చవ్వ అడిగింది.

"ఎట్లుండేది మీ అమ్మ?"

"పొడుగ్గా ఉండేది అవ్వా. చాలా పొడుగు. పడవెక్కేటప్పుడు మా ఊరి మగవాళ్లు కూడా పక్కవాళ్ల చెయ్యి పట్టుకునేవాళ్లు, మా అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకునేది కాదు. బడిలో బెత్తం ఉండేది గానీ, దాంతో కొట్టేది కాదు, పటం మీద ఊళ్లు చూపించేది..."

రిక్షాకు దగ్గరగా వచ్చి, ఒక చెయ్యి దాని చట్రం మీద వేసి, రత్నకుమార్ వింటూ నడిచాడు. తార్నాక చౌరస్తా వచ్చినా, లచ్చవ్వ దిగాల్సిన సందు వచ్చినా, రాహేలు ఇంకా చెబుతూనే ఉంది.