బాణం గుర్తుకు చోటు లేదు

రోడ్ల శాఖ కార్యాలయం వెనక ఉన్న రేకుల షెడ్డులో నేను ముప్పై ఆరేళ్లుగా బోర్డులు చేస్తున్నాను. రేకు కోయడం, దాని మీద మెరిసే స్టిక్కరు పరచడం, అక్షరాలు కత్తిరించి అతికించడం నా పని. ఏ అక్షరాలన్నది నా పని కాదు. అవి లోపలి గదిలోంచి కాగితం మీద వచ్చేవి. ఆ కాగితం రాసే గుమాస్తాను ఆఫీసులో అందరూ వివరం గారు అనేవారు. ఏది రాసినా వివరంగా ఉండాలని ఆయన పట్టు. ఆ పేరుతో ఎదురుగా పిలిచినా ఆయన నొచ్చుకునేవారు కాదు. లోలోపల కొంచెం సంతోషించేవారు కూడా.

ఆయన రాతల పొడుగు చూసి జనం నవ్వుకునేవాళ్లు. స్పీడ్ బ్రేకరు ఉంది అంటే సరిపోయే చోట, "ముందు వేగనిరోధకము కలదు గావున వాహనచోదకులు తమ తమ వాహనముల వేగమును తగ్గించుకొనవలెను" అని రాసిచ్చేవారు. అది చదవడం పూర్తయ్యేలోపు నడుం విరిగి ఊరుకుంటుందని డ్రైవర్లు అనేవాళ్లు. ఒకసారి మూసేసిన దారి దగ్గర, "ఈ దారి ముందుకు పోదు, కావున ఈ దారిన ముందుకు పోదలచినవారు వేరే దారిన పోవలెను" అని పెట్టాం. ఆ బోర్డు పక్కన నిలబడి కాలేజీ పిల్లలు ఫొటోలు దిగారు.

ఆ పొడుగు వెనక ఒక భయం ఉందని నాకు మాత్రం తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన ఒక కల్వర్టు దగ్గర "లోతు ఉంది" అని రెండే మాటలు రాశారట. ఏ వైపు లోతో చెప్పలేదని ఎవరో ఫిర్యాదు పెట్టారు. ఆయనకు మెమో వచ్చింది. అప్పటి నుంచి ఎక్కడా సందు లేకుండా రాయడం అలవాటు చేసుకున్నారు. చెప్పలేదు అని ఒక్కరు కూడా అనకూడదు మేస్త్రీ, అనేవారు నాతో. పైగా ఆ కాగితం ఆయన చేతిలోంచి నేరుగా నా దగ్గరకు వచ్చేది కాదు. సెక్షన్ ఆఫీసరు ఒక మాట చేర్చేవాడు, ఇంజనీరు ఇంకో మాట చేర్చేవాడు. తీసేసేవాడు మాత్రం ఒక్కడూ ఉండేవాడు కాదు. రేకు కొలత ఎప్పుడూ ఒకటే కాబట్టి, మాటలు పెరిగినకొద్దీ అక్షరాలు చిన్నవి చేయడం తప్ప నాకు గత్యంతరం లేదు.

వివరం గారు పెళ్లి చేసుకోలేదు. ఆయనకున్నది ఒక్క తమ్ముడు, పన్నెండేళ్లు చిన్న. తల్లిదండ్రులు పోయాక ఆయనే పెంచారు. ఆ తమ్ముడికి చదువు ఒంటబట్టలేదు. మొద్దు కాదు, చెయ్యి పెడితే ఏ ఇంజనైనా మాట వినేది. అక్షరాలే అతని కంటి ముందు నిలిచేవి కావు. బళ్లో పంతుళ్లు వదిలేశాక అన్నే పట్టుకున్నారు. నా దగ్గర మిగిలిపోయిన స్టిక్కరు అక్షరాలు అడిగి తీసుకెళ్లి ఇంటి తలుపుల మీద, బీరువా మీద, నీళ్ల డ్రమ్ము మీద అంటించేవారు. అయిదేళ్లు పట్టింది. పద్దెనిమిదో ఏట ఆ కుర్రాడు మా షెడ్డుకు వచ్చి, ఆరబెట్టిన బోర్డు ఒకటి కూడబలుక్కుంటూ పైకి చదివాడు. అన్న ఆ రోజు మా అందరికీ టీ ఇప్పించారు. కళ్లు తుడుచుకోవడం మేం చూడలేదనుకున్నారు.

ఆ తర్వాత తమ్ముడు కూరగాయల వ్యానుకు డ్రైవరయ్యాడు, పెళ్లి చేసుకున్నాడు, రెండు వీధుల అవతల ఇల్లు తీసుకున్నాడు. చదవడం మాత్రం అలాగే ఉండిపోయింది. చీకట్లో మెట్లు దిగేవాడిలా ఒక్కో అక్షరం మీద కాలు మోపి, అది గట్టిగా ఉందో లేదో చూసుకుని, పక్కదాని మీదికి వెళ్లేవాడు.

పోయిన ఏడాది కాలవ మీద పాత వంతెన కూలగొట్టి కొత్తది కట్టడం మొదలుపెట్టారు. కుడివైపు మట్టితో తాత్కాలిక దారి వేశారు. దానికి బోర్డు కావాలన్నారు. వివరం గారు రాశారు, ఇంజనీరు చేర్చాడు, సెక్షన్ ఆఫీసరు చేర్చాడు. చివరికి నా బల్ల మీదికి వచ్చింది ఇది: "ముందు గల వంతెన పునర్నిర్మాణములో ఉన్నందున భారీ వాహనములు మినహా ఇతర వాహనములు కుడివైపు గల తాత్కాలిక మార్గమును తప్ప వేరొక మార్గమును ఉపయోగించరాదని ఇందుమూలముగా తెలియజేయడమైనది."

నేను రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది, కానీ నేను నిలబడి చదివాను. కుడికి తిరగండి అని రెండు ముక్కలు రాసి కింద ఒక బాణం వేస్తే చాలదా అని అడిగాను. అప్పుడు లారీలు కూడా ఆ మట్టి దారి మీదికి వస్తాయి, అది కుంగిపోతే ఎవరు జవాబు చెబుతారు అన్నారు ఆయన. అందులో న్యాయం లేకపోలేదు. అక్షరాలు ఎంత కుదించినా కింద బాణానికి చోటు మిగల్లేదు. ఆ సంగతీ చెప్పాను.

"మాటల్లో ఉంది కదా మేస్త్రీ, కుడివైపని," అన్నారు. "బాణం లేకపోతే ఏం?"

నేను సరే అన్నాను. బాణం వేయకుండానే బోర్డు పంపించాను.

మూడో రోజు పొద్దున పది గంటలకు ఆయన షెడ్డులో నా పక్కనే ఉన్నారు, ఇంకో బోర్డులో ఒక కొమ్ము దిద్దిస్తున్నారు. ఫోను వచ్చింది. తమ్ముడి వ్యాను వంతెన దగ్గర కాలవ గోతిలో పడింది. పనివాళ్లు ఇసుక లారీ కోసం అడ్డుగా ఉన్న డ్రమ్ములు పక్కకు జరిపారట. వాటిని మళ్లీ పెట్టేలోపే వ్యాను తిన్నగా వెళ్లిపోయింది. పక్క సీట్లో భార్య ఉంది. ఆమెకు పంటి నొప్పి, అవతలి ఊళ్లో డాక్టరు దగ్గరకు తీసుకెళ్తున్నాడు. ఆమెకు మెడ కింది ఎముక విరిగింది. మేం ఆసుపత్రికి చేరేసరికి తమ్ముడు పోయి గంట దాటింది.

వివరం గారు ఏడవలేదు. అక్కడున్న పోలీసాయన దగ్గరకు వెళ్లి, వంతెనకు ముందు బోర్డు ఉండాలి, దాన్ని ఎవరు పీకేశారని అడిగారు. ఎవరూ పీకలేదండీ, ఉంది, అన్నాడు అతను. వివరం గారు నమ్మలేదు. గాలికి పడిపోయి ఉంటుంది, తర్వాత ఎవరో లేపి పెట్టి ఉంటారు, దీన్ని వదిలిపెట్టేది లేదు అని నాతో అన్నారు. ఆ ఒక్క కోపాన్ని పట్టుకునే నాలుగు రోజులు నిలబడ్డారు.

అయిదో రోజు షెడ్డుకు వచ్చి, బండి తియ్యి మేస్త్రీ అన్నారు. నా స్కూటరు మీద వెళ్లాం. బోర్డు నిటారుగా, మేం బిగించిన బోల్టుల మీదే ఉంది. దుమ్ము కూడా పట్టలేదు. ఆయన దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. తర్వాత వెనక్కి వెళ్దాం, వ్యాను వచ్చిన చోటి నుంచి రా, అదే వేగంతో రా, అన్నారు.

వెనక్కి వెళ్లి తిరిగి వచ్చాను. ఆయన నా వెనక కూర్చుని, అక్షరాలు కంటికి ఆనగానే పైకి చదవడం మొదలుపెట్టారు. "ముందు గల వంతెన పునర్నిర్మాణములో ఉన్నందున భారీ" దగ్గరకు వచ్చేసరికి బోర్డు దాటిపోయాం.

ఇంకోసారి అన్నారు. ఇంకోసారి వెళ్లాను. ఈసారి గబగబా చదివి "మినహా ఇతర" దాకా వచ్చారు. మూడోసారి వేగం తగ్గించమన్నారు. తగ్గించాను. "కుడివైపు" అన్న మాట ఆయన నోట్లోంచి వచ్చేటప్పటికి కుడివైపు మలుపు మా వెనక ఉండిపోయింది. అవి ఆయన సొంత మాటలు, ఆయనకు కంఠతా వచ్చినవి. బండి ఆపాను. ఆయన దిగలేదు. నా భుజం మీద చెయ్యి వేసి అలాగే కూర్చుండిపోయారు.

రెండు వారాల తర్వాత శాఖ నివేదిక వచ్చింది. హెచ్చరిక బోర్డు సమగ్రముగా, స్పష్టముగా ఉన్నదనీ, డ్రైవరు అజాగ్రత్త వలననే ప్రమాదము జరిగినదనీ రాశారు. అది మరదలికి ఎవరి ద్వారానో తెలిసేలోపు తానే చెప్పాలనుకున్నారు. ఒంటరిగా వెళ్లలేక నన్ను తోడు రమ్మన్నారు.

ఆమె చేతికి కట్టుతో గోడ పక్కన చాప మీద కూర్చుని ఉంది. నివేదిక సంగతి చివరి దాకా వింది.

"ఆయన అజాగ్రత్తగా లేరు బావగారూ," అంది. "బోర్డు చదువుతున్నారు."

వివరం గారు తల ఎత్తలేదు.

"మీ బోర్డు ఎక్కడ కనపడినా ఆయన పైకి చదివేవారు. చివరి మాట దాకా చదవందే వదిలేవారు కాదు. మా అన్న రాసింది, సగంలో వదిలేస్తే ఎలా అనేవారు. మిగతా డ్రైవర్లు ఎవరూ చదవరు, ముందు బండి ఎటు పోతే అటు పోతారు. ఆ రోజు కూడా ఆయన మెల్లిగానే నడిపారు. 'మినహా' అన్న దగ్గర ఆగి, అంటే మనం వెళ్లొచ్చనా, వెళ్లకూడదనా అని నన్నడిగారు. నేను దవడ పట్టుకుని కళ్లు మూసుకుని ఉన్నాను. మళ్లీ చదవండి అన్నాను." ఆమె కట్టున్న చేతిని ఒళ్లోకి తీసుకుంది. "మళ్లీ చదవడానికి తల వెనక్కి తిప్పారు."

అంతకు మించి ఆమె చెప్పలేదు. మేం అడగలేదు. బయటికి వచ్చాక ఆయన గుమ్మం పక్క మెట్టు మీద కూలబడి, నోటికి కండువా అడ్డం పెట్టుకుని ఏడ్చారు. లోపలికి వినపడకూడదని. ఆయన ఏడవడం నేను సరిగ్గా చూసింది అప్పుడే. ఏం చెయ్యాలో తోచక పక్కన కూర్చున్నాను. నాకూ ఒక లెక్క మిగిలి ఉంది కదా, బాణం వేయకుండా వదిలేసింది ఈ చేతులే.

మర్నాడు ఆయన పై అధికారులకు ఉత్తరం రాశారు. అంత చిన్న ఉత్తరం ఆయన జన్మలో రాసి ఉండరు. "తప్పు బోర్డుది. రాసింది నేను. దయచేసి అజాగ్రత్త అన్న మాట తీసేయండి." ఇంజనీరు గదికి పిలిచి నచ్చజెప్పాడట. తమ్ముడు ఎలాగూ తిరిగి రాడు, శాఖను బజారుకీడ్చి ఏం బావుకుంటారు, రిటైర్మెంటు రెండేళ్లలో ఉంది కదా అన్నాడట. ఆయన ఉత్తరం వెనక్కి తీసుకోలేదు.

మళ్లీ విచారణ పెట్టారు. వేరే ఊరి నుంచి వచ్చిన అధికారిణి ముందు ఆయన నిలబడి, ఎవరు ఏ మాట చేర్చారో చెప్పకుండా, మొత్తం తానే రాశానన్నారు. నన్ను పిలిచినప్పుడు బాణం సంగతి చెప్పాను. ఆమె మమ్మల్ని కూర్చోబెట్టి, తానే కారెక్కి ఆ దారిన ఒకసారి వెళ్లి వచ్చింది. వచ్చాక ఎక్కువ ప్రశ్నలు అడగలేదు.

అజాగ్రత్త అన్న మాట కొట్టేశారు. వివరం గారిని బోర్డుల పని నుంచి తప్పించి తపాలా విభాగంలో వేశారు. కవర్ల మీద చిరునామాలు రాసే పని. కొత్త వంతెన దగ్గర ఇప్పుడున్న బోర్డు ఎవరు రాశారో నాకు తెలియదు, అది వేరే చోట తయారై వచ్చింది.

సవరించిన నివేదిక తీసుకుని మేం మళ్లీ ఆయన మరదలి ఇంటికి వెళ్లాం. ఆమె చదువుకున్న మనిషి. నిలబడే మొత్తం చదివి, మడిచి, గూట్లో పెట్టింది. కృతజ్ఞతగానే మాట్లాడింది. వివరం గారు ఆ గూటి వైపు చూస్తూ, ఏం కావాలన్నా కబురు పెట్టమ్మా, రోజూ సాయంత్రం వచ్చి చూసిపోతాను అన్నారు.

"రావద్దు బావగారూ," అంది.

ఆయన అర్థం కానట్టు చూశారు.

"కోపం కాదు. కోపం ఉంటే బాగుండేది. మీ గొంతూ ఆయన గొంతూ ఒక్కటే. మీరు మాట్లాడుతుంటే ఆయనే పక్క గదిలో ఉన్నట్టుంటుంది. మీరు వెళ్లిపోయాక ఆయన మళ్లీ పోతున్నారు. నేను తట్టుకోలేకపోతున్నాను. కొన్నాళ్లు పోనివ్వండి, నేనే పిలుస్తాను."

అలాగేనమ్మా, అన్నారు ఆయన, ఆమెకు వినపడనంత మెల్లగా.

ఇది జరిగి పద్నాలుగు నెలలైంది. నెలకోసారి నేనే వెళ్లి ఆమెను చూసి వస్తున్నాను. వెళ్లిన రోజు సాయంత్రం ఆయన నా షెడ్డు గుమ్మంలో కనిపెట్టుకుని ఉంటారు. కుట్టుపనిలో చేరిందని, చెయ్యి పైకి లేస్తోందని, అద్దె ఇల్లు మారిందని, ఉన్నవన్నీ చెబుతాను. ఆయన తల ఊపుతూ వింటారు, ఒక్కోదానికి రెండేసి ప్రశ్నలు అడుగుతారు. ఆమె తన గురించి అడిగిందా అని మాత్రం ఇంతవరకు అడగలేదు. అడిగితే నేను అబద్ధం చెప్పాలి.