పొలుసు మీద చిక్కుడు పాదు

నర్సీపట్నంలో రాచెల్ టీచరంటే తెలియనివాళ్లు తక్కువ. ఆమె ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగు చెప్పేది. చింతపిక్కల మీద, గుడ్డుపెంకుల మీద గోరంత తోటలు వేసేది. గులాబీలు, ఫౌంటెను, పక్కనొక తెల్ల బెంచీ. పేపరు జిల్లా పేజీలో రెండుసార్లు ఫొటో పడింది. పెళ్లి చేసుకోలేదు. చెల్లెలు లీలతో కలిసి చర్చి వెనక వీధిలో ఉండేది. ఇరవై ఏళ్లుగా ఆ ఊళ్లో అలాంటి బొమ్మలు వేసే మనిషి తనొక్కతే.

మంగ చేపల మార్కెట్లో కత్తిపీట ముందు కూర్చునేది. పొద్దున్నే నాతవరం నుంచి షేర్ ఆటోలో వచ్చి తాండవ జలాశయం చేపలు కోసి అమ్మేది. ఒక శనివారం టీచరింటికి చేపలు తెచ్చి, బల్ల మీది పిక్కల్ని చూసి అలాగే నిలబడిపోయింది.

"నానూ ఏస్తే వస్తాదేటండీ?"

రాచెల్‌కి నవ్వొచ్చింది. వెంట్రుకలు రాలిన పాత బ్రష్షొకటి, అడుగూబొడుగూ మిగిలిన రంగు ట్యూబులు నాలుగు ఇచ్చి పంపింది.

రెండు నెలలకి మంగ ఒక స్టీలు డబ్బా పట్టుకొచ్చింది. అందులో బొచ్చె చేప పొలుసులున్నాయి. కడిగి ఆరబెట్టి, పీట కింద పెట్టి సాపు చేసినవి. ఒక్కోటి రూపాయి బిళ్లంత. ఒక్కోదాని మీద ఒక పెరడు. చిక్కుడు పాదు పందిరెక్కుతోంది. కంచె మీంచి మేకొకటి మెడ సాచింది. నీళ్లు పోసిన మట్టిలో ఎవరివో పాదాల గుర్తులు. కిటికీ దగ్గర పట్టుకుంటే పొలుసులోంచి వెలుతురు దూరి ఆకులు ఎండలో ఉన్నట్టే మెరిశాయి.

రాచెల్ ఒక్కొక్కటే చూసింది. ఇన్నేళ్లలో తను ఒక్క ఆకుని కూడా అలా వేయలేదని తెలిసిపోయింది.

"బాగోలేవేటండీ?" అంది మంగ.

"పరవాలేదు. వైజాగులో ప్రదర్శన పెడుతున్నారు. నా వాటితో కలిపి పంపుతాను, ఇక్కడుంచు."

నెల తిరిగాక రాచెల్ తనే మార్కెట్‌కి వెళ్లింది.

"నీవి తీసుకోలేదు మంగా. మూత తియ్యగానే కంపు కొట్టిందంట. ముక్కులు మూసుకుని నవ్వి చెత్తలో పారేశారంట. నాకు తల కొట్టేసినట్టయింది."

పక్కన చేపలమ్మేవాళ్లంతా వింటున్నారు. మంగ చేతులు కొంగుకి తుడుచుకుంది. "నా వల్ల మీకు మాటొచ్చినాది. ఏటీ అనుకోకండి టీచరుగారూ."

మర్నాడు బ్రష్షూ రంగులూ తెచ్చి గుమ్మంలో పెట్టి, పిలవకుండా వెళ్లిపోయింది.

డబ్బా మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు. రాచెల్ బీరువాలోనే ఉంది.

ఆ వానాకాలం కత్తిపీట మీద చెయ్యి జారి మంగ కుడి బొటనవేలి నరం తెగింది. కుట్లు వేశారు గాని వేలు మళ్లీ వంగలేదు. మార్కెట్ నుంచి వచ్చిన లీల ఆ కబురు చెప్పింది. వారం తిరక్కుండానే రాచెల్ డబ్బా తీసి, ప్రతి పొలుసు అంచునా తన పేరు సన్నగా రాసి వైజాగులో మరో ప్రదర్శనకి పంపింది. మొదటి బహుమతి వచ్చింది.

స్కూల్లో సన్మానం పెట్టారు. గేటుకి కట్టిన ఫ్లెక్సీ మీద ఒక పొలుసు బొమ్మని తలుపంత చేసి వేశారు. ఆ దారిన పోతున్న మంగ ఆగి చూసింది. చేపలు కోసిన చీరతోనే హాల్లోకి నడిచింది.

"ఆ మేక మాదండీ. ఆ పాదు మా అత్త ఏసినాది. ఆ బొమ్మలు నానేసినయి."

హెడ్మాస్టరు షాలేమ్‌రాజు గారు రాచెల్ వైపు చూశారు. అంతలో ఆమె చూపు మంగ బొటనవేలి మీద పడింది.

"అయితే ఇప్పుడు వెయ్యి మంగా, అందరి ముందూ. ఒక్క ఆకు చాలు."

బ్రష్షు తనే అందించింది. మంగ దాన్ని రెండు వేళ్ల మధ్య ఇరికించుకుంది. బ్రష్షు జారి కాగితం మీద ఆకుపచ్చ మరక పడింది. ముందు వరసలో పిల్లలు నవ్వారు. ఎడమ చేత్తో ప్రయత్నించింది. ఇంకో మరక.

"ఏలు తెగిపోనాదండీ... అంతకు ముందైతే..."

"పాపం, ఆశపడింది. ఆమెనేమీ అనకండి," అంది రాచెల్ మైకులో. అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో మంగని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లారు.

తర్వాత ప్రదర్శన వాళ్లు ఫోన్ చేశారు. మరో పది పొలుసులు కావాలట, వేస్తుండగా వీడియో తీస్తారట. రాచెల్ మూడు నెలలు తలుపేసుకుని వేసింది. ఎన్నిసార్లు వేసినా గులాబీలూ ఫౌంటెనే వచ్చాయి. వీడియో తీసే రోజు దగ్గరపడ్డాక, కళ్లు కనబడటం లేదని చెప్పింది. డాక్టరు లోపమేమీ లేదన్నా వినలేదు, నల్లద్దాలు పెట్టుకుంది. ఆదివారం చర్చిలో సంఘమంతా ఆమె చూపు కోసం కన్నీళ్లతో ప్రార్థన చేసింది. స్కూల్లో వేరే టీచరుని పెట్టుకున్నారు. లీల ముందు కూడా అద్దాలు తీయలేక, ఇంట్లో కంచం తడుముకుంటూ తినడం అలవాటు చేసుకుంది.

ఒకరోజు లీల ఆమెని చెయ్యి పట్టుకుని మార్కెట్‌కి తీసుకెళ్లింది. మంగ ఎడమ చేత్తో కోయడం నేర్చుకుంది.

"బేగి రెండు కేజీలు కొయ్యి మంగా. అక్కకి కనబడదు కదా, ఎక్కువసేపు నిలబడలేదు."

"కనబడతాదండి," అంది మంగ తల ఎత్తకుండా. "ఆవేళ నా ఏలు కనబడలేదేటి?"

లీలకి అర్థం కాలేదు. అక్క వైపు తిరిగింది. మంగ తలెత్తింది. నల్లద్దాల వెనక నుంచి రాచెల్ ఆ ముఖాన్ని స్పష్టంగా చూసింది. అందులో కోపం లేదు, జాలీ లేదు.

"ఎవరమ్మా అది?" అంది రాచెల్, గాల్లో చెయ్యి తడుముతూ.

మంగ వాళ్ల వెనక నిలబడ్డాయన సంచీ అందుకుని, "మీకేటి కావాలండీ?" అంది.