సోరి బరువు

ప్రతి మంగళవారం పొద్దున తొమ్మిదింటికల్లా మల్‌సుక్ ఆరోగ్య ఉపకేంద్రం వెనక గది తాళం తీసి, నేల కింది గొట్టాల్లోకి వేడినీళ్లు వదిలేది. పసిబిడ్డల తల్లులు వచ్చేసరికి నేల వెచ్చబడాలి. తర్వాత సముద్రపు నాచు నానబెట్టి, నువ్వుల నూనెలో వేయించి, ఆల్చిప్పల మాంసం వేసి చారు పొయ్యి మీద పెట్టేది. బాలింత తినే నాచును విరవకూడదు, మడవకూడదు, బారుగా ఉన్నది బారుగానే మోసుకు రావాలి. అవన్నీ వట్టి మూఢనమ్మకాలని పట్నంలో తల్లిపాల సలహాదారులకు నలభై గంటల శిక్షణ ఇచ్చిన డాక్టరమ్మ చెప్పింది. మల్‌సుక్ బుద్ధిగా తల ఊపి, సర్టిఫికెట్ తీసుకుని, దీవికి తిరిగొచ్చి నాచును విరవకుండానే మోసుకొస్తోంది.

జీతం బత్తెం లేని పని. ముగ్గురు పిల్లల్ని పెంచి, ముప్పై ఏళ్లు సముద్రంలో మునిగి ఆల్చిప్పలు తీసిన చేతులు ఆవిడవి. రొమ్ములో పాలు గడ్డకట్టి జ్వరంతో వణికే బాలింతకు ఆ చేతులు వేడి తువ్వాలుతో కాపడం పెడితే గంటలో గడ్డ కరిగిపోయేది. నోరు మాత్రం అంత మెత్తన కాదు. "రొమ్మును బిడ్డ దగ్గరికి తీసుకుపోతావేంటే? బిడ్డను రొమ్ము దగ్గరికి తే! రేపు నడుం పట్టేస్తే మళ్లీ నన్నే పిలుస్తావు" అని కొత్త తల్లుల మీద కేకలేసేది. పెద్దక్క తిట్టకపోతే హేమి దీవిలో ఎవరికీ పాలు చేపవని వాళ్లు నవ్వుకునేవాళ్లు.

ఆ గదిలో అసలు పెత్తనం తూకం యంత్రానిది. పాలు పట్టకముందు బిడ్డను తూచాలి, పట్టాక మళ్లీ తూచాలి. తేడా ఎంతో అంత బిడ్డ కడుపులోకి పోయినట్టు. తల్లి బెంగ, అత్తగారి సాధింపు ఏవీ యంత్రానికి పట్టవు. మల్‌సుక్ అంకెను పైకి చదివి, గోడమీది చార్టులో రాసేది. పదకొండేళ్లలో ఒక్క అంకె తప్పు రాయలేదని ఆవిడకు కాస్త గర్వం కూడా ఉండేది.

హేసన్ కూతురు సోరి ఫిబ్రవరిలో పోయింది. పుట్టిన యాభై రెండో రోజు పాలు తాగి పడుకుంది, లేవలేదు. ఎవరి తప్పూ లేదని డాక్టర్లు కాగితం మీద రాసిచ్చారు. అంత చిన్నపిల్లలకు దీవిలో కర్మకాండ చెయ్యరు, వచ్చినవాళ్లకు భోజనాలు పెట్టరు. బూడిద సముద్రంలో కలిపి, వాకిట్లో ఉప్పు చల్లి ఎవరిళ్లకు వాళ్లు పోయారు. హేసన్ కంట చుక్క నీరు రాలేదు.

తర్వాతి మంగళవారం హేసన్ మామూలు వేళకే వచ్చింది. ఖాళీ పొత్తిళ్లను, తల ఉండాల్సిన చోట చెయ్యి ఆనించి, మెల్లగా యంత్రం మీద పడుకోబెట్టింది. యంత్రం నాలుగు వేల ఐదు వందల యాభై చూపించింది. పొత్తిగుడ్డ రెండు వందల నలభై తీసేస్తే నాలుగు వేల మూడు వందల పది గ్రాములు. సోరి పోయిన రోజు బరువు అదే. మల్‌సుక్ పైకి చదివి సోరి వరుసలో రాసింది. గోడ పక్కన కూర్చున్నావిడ జరిగి చోటిచ్చింది. హేసన్ చొక్కా గుండీలు విప్పి పొత్తిళ్లను గుండెకు ఆనించుకుంది. ఇరవై నిమిషాల తర్వాత మళ్లీ తూచితే డెబ్బై గ్రాములు పెరిగింది.

"బాగానే తాగిందే," అంది మల్‌సుక్.

"నిన్నటినుంచీ ముక్కు పట్టేసింది పెద్దక్కా. లేకపోతే ఇంకా తాగేది."

ఎవరో ఉప్పునీటి చుక్కలు వెయ్యమన్నారు. ఇంకెవరో చారు గిన్నెలు అందించారు.

అలా తొమ్మిది నెలలు గడిచాయి. హేసన్ మొగుడు ఏప్రిల్ దాకా ఓర్చుకుని, ఓడలు కట్టే చోట పని దొరికిందని పట్నం పోయి, మళ్లీ రాలేదు. సోరి మాత్రం నెలనెలా బరువు పెరుగుతూ నవంబరు చివరికి ఏడు వేల రెండు వందలకు వచ్చింది. దీవిలో తల్లిని బిడ్డ పేరుతోనే పిలుస్తారు. హేసన్‌ను అందరూ సోరి అమ్మా అనే పిలిచేవాళ్లు, ఆవిడ అలాగే పలికేది.

ఆ ఏడు జూలైలో లియన్‌కు నెలలు నిండకుండా కొడుకు పుట్టాడు. లియన్ వియత్నాం నుంచి కోడలిగా వచ్చిన పిల్ల, ఇరవై నాలుగేళ్లు. కొడుకు జేహాకు మామూలు డబ్బాపాలు పడవు. తాగితే కక్కుకుంటాడు, విరేచనంలో నెత్తురు పడుతుంది. ఆసుపత్రి వాళ్లు రాసిచ్చిన పొడి ఒక్కటే పడుతుంది, అది పట్నం నుంచి పడవ మీద రావాలి. తల్లిపాలు ఉంటే ఈ బాధే లేదు. లియన్‌కు మొదట పుష్కలంగా ఉన్నాయి, మూడో నెలలో ఎండిపోయాయి.

ఎందుకు ఎండిపోయాయో మల్‌సుక్‌కు తెలుసు. తెలిసినప్పటినుంచీ ఆవిడకు అన్నం సయించడం లేదు. మొలకకట్టిన బార్లీ నీళ్లలో అన్నం ఊరబెట్టి కాచే తియ్యటి పానకాన్ని షికే అంటారు. పాలిచ్చే తల్లి దాన్ని ముట్టకూడదు, పాలు వెనక్కి పోతాయి. పిల్లలకు పాలు మాన్పించాలంటే దీవిలో తల్లికి తాగించేవి ఆ బార్లీ నీళ్లే. ఆశ్వయుజ పున్నమి పండగ ముందు చూడబోయినప్పుడు లియన్ ఇంటి వసారాలో పెద్ద గిన్నెడు షికే చల్లారుతూ కనిపించింది. పండగకు పెద్దలకు పెట్టడానికి అయ్యుంటుందిలే అనుకుంది మల్‌సుక్. ఇంకా నాలుగిళ్లు తిరగాలన్న తొందరలో ఎవరికని అడగలేదు. అడగడమే ఆవిడ పని, అదొక్కటే చెయ్యలేదు. కోడలు ఇష్టంగా తాగుతోందని అత్తగారు ఆ నెలంతా కాచి పోసింది.

"ప్రేమతో పోశానమ్మా!" అని జేహా నానమ్మ గుండెలు బాదుకుంది. "దేశంకాని దేశం వచ్చిన పిల్ల, మన తిండి ఒక్కటైనా ఇష్టపడిందని మురిసిపోయాను. నా పిల్లలు డబ్బాపాలతో పెరిగారు, నాకేం తెలుసు ఈ సంగతులు? నీకు తెలుసుగా! మా వసారాలో కూర్చుని కాఫీ తాగి పోయావు కూడా!"



నవంబరు చివర్లో గాలి లేచింది. పడవ ఆగిపోయింది. మూడో రోజుకు జేహా పొడి డబ్బా అడుగంటింది. తీరరక్షక దళం వాళ్ల ఓడ రెండుసార్లు వచ్చింది కానీ, అలల్లో రేవుకు ఆనలేక తిరిగిపోయింది. హెలికాప్టర్ దిగే గాలి కాదన్నారు. గంజి తేట పోసి చూశారు, అదీ కక్కేశాడు. మంగళవారాల్లో గదికి వచ్చే తల్లులంతా చలికాలపు కిమ్చీ పెట్టడానికి దీవి దాటి పుట్టిళ్లకు పోయి గాలికి అక్కడే చిక్కుకున్నారు. దీవిలో పాలున్న తల్లి హేసన్ ఒక్కతే.

మల్‌సుక్ ఆవిడ ఇంటికి పోయి గుమ్మంలోనే నిలబడింది.

"లియన్ కొడుకేగా?" అంది హేసన్. "తీసుకురా. సోరి తాగాక మిగిలింది పడతాను."

ఉపకేంద్రం గదిలో, జేహా నోట్లో రొమ్ము పడగానే కళ్లు మూసుకుని గుటకలు వేశాడు. లియన్ గోడవైపు తిరిగి కూర్చుంది. మల్‌సుక్ వాడిని తూచి, డెబ్బై ఐదు అని చదివింది. ప్రాణం లేచొచ్చింది ఆవిడకు. అలవాటుకొద్దీ సోరిని కూడా తూచింది. ఏడు వేల రెండు వందలు ఉండాల్సింది ఏడు వేల నూట ఇరవై ఐదు ఉంది. యంత్రాన్ని సున్నాకు తెచ్చి మళ్లీ తూచింది, అంతే ఉంది.

హేసన్ ఏనాడూ యంత్రం వైపు చూసేది కాదు. గుండీలు పెట్టుకుంటూ మల్‌సుక్ గొంతు కోసం వినేది, అంతే.

"ఏడు వేల రెండు వందలు," అని చదివింది మల్‌సుక్.

పదకొండేళ్లలో అది మొదటి అబద్ధం. మనసులో లెక్క కట్టుకుంది. మూడు గంటలకోసారి పడితే రోజుకు ఆరు వందలు. గాలి ఐదు రోజుల్లో తగ్గుతుందని రేడియో చెబుతోంది. మూడు వేలు పోయినా సోరికి ఇంకా సగం పైన మిగులుతుంది, పడవ వచ్చాక మళ్లీ పుంజుకుంటుంది, హేసన్‌కు తెలియకుండానే గడిచిపోతుంది. మొదటి తప్పును రెండో తప్పుతో పూడుస్తున్నానని ఆవిడకు బాగా తెలుసు. అయినా జేహా బుగ్గలు ఎర్రబడుతుంటే చూసి, రోజూ అదే అంకె చదివింది.

ఐదో రోజు సాయంత్రం హేసన్ పొత్తిళ్లను యంత్రం మీద పెట్టలేదు. రెండు చేతుల మీదా పట్టుకుని నిలబడింది.

"ఇవ్వాళ ఎంతంటావు పెద్దక్కా?"

"ఏడు వేల రెండు..."

"నాలుగు వేల మూడు వందల పది. ఫిబ్రవరి పదకొండున నా చేతుల్లోంచి తీసుకున్నప్పుడు ఇంతే ఉంది. యంత్రం నీకు చెబితే, చేతులు నాకు చెప్పవా?"

మల్‌సుక్ నేలమీద కూర్చుండిపోయింది. "ఎప్పుడు తెలిసింది?"

"రెండోసారి పట్టినప్పుడే."

"మరి ఎందుకు ఊరుకున్నావే పిచ్చిదానా? ఆపేద్దాం. ఇక ఆపేద్దాం."

"ఆపితే?" అంది హేసన్.

ఆపితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. మల్‌సుక్ చార్టు ముందుకు పోయి, ఐదు రోజుల అంకెలూ కొట్టేసి, అసలు అంకెలు రాసింది.

మర్నాడు గాలి కాస్త తగ్గింది. పడవ పట్నంలో బయల్దేరిందని రేవులో కబురొచ్చింది, సగం దారిలో వెనక్కి మళ్లిందని మరో కబురొచ్చింది. ఏడో రోజు హేసన్ పొత్తిళ్లను పైకెత్తి చూసి, "మూడు వేల నూట ఇరవై. ఇవ్వాళ పుట్టింది," అంది. పుట్టినరోజుకు నాచు చారు తాగాలి కాబట్టి మల్‌సుక్ కాచి ముందు పెట్టింది. హేసన్ గిన్నె ఖాళీ చేసి, ఇంకొంచెం వెయ్యమంది. పాలు పడాలి కదా అంది.

ఎనిమిదో రోజుకు సోరి కడుపులో ఉన్నప్పటి బరువుకు వచ్చింది. పొత్తిళ్లు అరచేతిలో ఇమిడేంత మడతయ్యాయి. లియన్ ఆ మడతను చూసింది. జేహాను వెనక్కి లాక్కుంది.

"అక్కా, మీ పాప చిన్న అయిపోతోంది," అంది వచ్చీరాని మాటల్లో. "చాలు. నేను గంజి పోస్తా."

"పోశావుగా, కక్కాడుగా. ఇటివ్వు."

"వద్దక్కా. నాకు భయం. పాపకు ఎవరు సమాధానం చెప్తారు?"

"నేను చెప్పుకుంటానులే. ముందు ఇటివ్వమ్మా, వాడు పిడికిలి చీకుతున్నాడు చూడు."

లియన్ ఇచ్చింది. ఆ తర్వాత గోడవైపు తిరగలేదు. పాలు తాగినంతసేపూ హేసన్ పాదం మీద చెయ్యి వేసి కూర్చుంది.

పన్నెండో రోజు పొద్దునకు గాలి చచ్చిపోయింది. సముద్రం నూనె పోసినట్టు పడుకుంది. పదింటికి పడవ కనబడిందని రేవులో కేకలు వినిపించాయి. జేహా నానమ్మ డబ్బాల కోసం చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. గదిలో మల్‌సుక్, హేసన్, బిడ్డతో లియన్ మిగిలారు. మల్‌సుక్ పొత్తిళ్లు తూచింది. మూడు వందల పదిహేను. గుడ్డ తీసేస్తే డెబ్బై ఐదు గ్రాములు, ఒక పెద్ద కోడిగుడ్డంత.

అంతలో జేహా లేచి తల అటూ ఇటూ తిప్పుతూ నోరు తెరిచాడు.

"ఆగు సోరి అమ్మా," అంది మల్‌సుక్. "పడవ వచ్చేసింది. గంటలో డబ్బా ఇక్కడుంటుంది. ఆ డెబ్బై ఐదూ ఉంచుకో. ఎంత చిన్నదైనా ఉంటుంది. మళ్లీ పెరుగుతుందేమో ఎవరికి తెలుసు?"

"అందాకా వీడేం చేస్తాడు?"

"ఏడుస్తాడు. ఒక్క గంట ఏడిస్తే చావడు. నేనే ఎత్తుకుని తిప్పుతాను."

లియన్ కూడా బిడ్డను గుండెకు అదుముకుని వెనక్కి జరిగింది. జేహా అప్పటికే కీచుమని మొదలుపెట్టాడు. ఆ గొంతు వినగానే హేసన్ చొక్కా రెండు వైపులా తడిసింది. ఆవిడ పొత్తిళ్ల వంక చూసింది, చాలాసేపు చూసింది.

"సోరిని ఏనాడూ ఆకలికి ఏడవనివ్వలేదు పెద్దక్కా. యాభై రెండు రోజుల్లో ఒక్కసారి కూడా. దానికి నేను చేసింది అదొక్కటే. ఇప్పుడు దాని పాలు దగ్గర పెట్టుకుని ఇంకో బిడ్డను ఏడిపించమంటే, ఆ ఒక్కటీ చెయ్యనట్టే అవుతుంది."

హేసన్ లియన్ ముందు ఒడి పరిచి కూర్చుంది. లియన్ మల్‌సుక్ వంక చూసింది. బిడ్డను ఆ ఒడిలో పెట్టింది. రేవులో పడవ కూత వేసింది. జేహా రొమ్ము అందుకుని, తొందరపడి పొలమారి, మళ్లీ అందుకుని తాగాడు. చివరికి వచ్చేసరికి గుటకలు దూరమై, ఊరికే చప్పరించి, వదిలేశాడు. రొమ్ములో ఇక పాలు లేవు.

మల్‌సుక్ పొత్తిళ్లను యంత్రం మీద పెట్టింది. ఈసారి హేసన్ కూడా పక్కకు వచ్చి అంకె వైపు చూసింది.

"రెండు వందల నలభై," అని చదివింది మల్‌సుక్. "గుడ్డ బరువు."

"గుడ్డ బరువేనా?"

"గుడ్డ బరువే, హేసన్."

అప్పుడు ఏడ్చింది హేసన్. తొమ్మిది నెలలుగా రాని ఏడుపు, కన్నబిడ్డ ఆ గంటే పోయినట్టు, నోరారా పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. మల్‌సుక్ పక్కన కూలబడి తనూ ఏడ్చింది. డబ్బాలు చంకన పెట్టుకుని వచ్చిన జేహా నానమ్మ గుమ్మంలోనే ఆగి, వాటిని కింద పెట్టి, చావింటికి వచ్చినవాళ్లలాగా తల వంచుకుని లోపలికి వచ్చింది. లియన్ బిడ్డను తీసుకోబోతే హేసన్ ఇవ్వలేదు. వాడు తొందరగా తాగాడు, కడుపులోకి గాలి పోయి ఉంటుంది. వాడిని భుజాన వేసుకుని, ఏడుస్తూనే, తేన్పు వచ్చేదాకా వీపు నిమిరింది.